చెయ్యి అందిన చోట బిగించిన సెన్సరు

పాదరసం అన్నది అతనికి కుర్రతనంలో పడ్డ పేరు. నిచ్చెన కనిపిస్తే చాలు, కింద ఉన్నవాళ్ళ మాట పూర్తయ్యేలోపు పైన ఉండేవాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. పేరు మిగిలింది గానీ మోకాళ్ళు మిగల్లేదు. మంచం మీంచి లేవాలంటే ముందు గోడ పట్టుకోవాలి, తర్వాత ఎవర్నో ఒకర్ని తిట్టుకోవాలి, అప్పుడు గానీ లేవలేడు. రోజూ పొద్దున్నే ఆ తిట్లన్నీ వినేది భార్య.

“ఆఫీసులో చెప్పెయ్యరాదూ?” అందావిడ ఆ రోజు కూడా, మోకాలికి మందు రుద్దుతూ. “స్టోర్సులో కూర్చోబెడతారు. ఫ్యాను కింద హాయిగా ఉండొచ్చు.”

“హాయా! వచ్చినవాడికల్లా నట్లూ బోల్టులూ అందిస్తూ కూర్చోడం హాయా? ఇంకా రెండేళ్ళే కదా. సెన్సర్లు బిగించేవాడిగా చేరాను, సెన్సర్లు బిగించేవాడిగానే దిగిపోతాను.”

“బీరువా మీది పెట్టె దించమంటే రేపంటారు. అక్కడ నిచ్చెనలు ఎలా ఎక్కుతున్నారో ఆ దేవుడికే తెలియాలి.”

అతను మందు సీసాకి మూత బిగించాడు. మూడేళ్ళుగా సరిగ్గా ఎక్కితే కదా చెప్పడానికి!

అతను పనిచేసేది కరెంటు తయారుచేసే చోట. అక్కడ గ్యాసు మండించి తిప్పే టర్బైన్ ఒకటుంది. దానికి గాలి కావాలి, అదీ మామూలుగా కాదు, ఓ పెద్ద గదంత నోరు తెరుచుకుని రాత్రనక పగలనక పీలుస్తూనే ఉంటుంది. ఎండాకాలం వస్తే గాలి వేడెక్కి పల్చబడుతుంది. పల్చటి గాలి పీలిస్తే దానికి సత్తువ చాలదు. జనమంతా ఫ్యాన్లూ ఏసీలూ వేసుకుని కరెంటో కరెంటో అని మొత్తుకునే వేళకి సరిగ్గా ఈ మహాతల్లికి నీరసం! చలికాలంలో నూట ఇరవై మెగావాట్లు ఇచ్చేది మిట్టమధ్యాహ్నం తొంభై ఎనిమిది దగ్గర చతికిలబడుతుంది. కంట్రోల్ రూములో వాళ్ళు ఆ అంకె వంక చూసీ చూసీ, డబుల్ డ్యూటీలు చేసీ చేసీ, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా మానేశారు.

దీనికో మార్గం ఉందని ఇంజనీరమ్మ రెండేళ్ళు పోరింది. గాలి లోపలికొచ్చే చోట తడి ప్యాడ్ల గోడ ఒకటి కడదామంది. అచ్చం ఇంట్లో కూలర్లాగే. పైన గొట్టంలోంచి నీళ్ళు కారుతుంటే ప్యాడ్లు తడుస్తాయి, వాటిలోంచి వచ్చిన గాలి చల్లబడుతుంది, మిషను పది మెగావాట్లయినా ఎక్కువిస్తుంది. చివరికి మేనేజరు ఒప్పుకున్నాడు. వేసవికి ముందే గోడ లేచింది. గాలి ఎంత చల్లబడిందో చూసే సెన్సరు బిగించే పని పాదరసానికి పడింది.

తీరా చూస్తే ఏమైంది? బయట నలభై మూడు డిగ్రీలుంటే కంట్రోల్ రూము ప్యానెల్ మీద లోపలి గాలి ఇరవై ఆరు చూపిస్తోంది. అందరూ చప్పట్లు కొట్టారు. మిషను మాత్రం మూడంటే మూడు మెగావాట్లు పెరిగి ఊరుకుంది. గాలి చల్లగా ఉన్నా పెరగలేదంటే మొదటి నుంచీ ఇంజనీరమ్మ లెక్కే తప్పన్నారు. ఆవిడ మూడు వారాలు మిషనంతా గాలించింది, బ్లేడ్లు కడిగించింది, కళ్ళకింద నల్లగుంటలు తెచ్చుకుంది. లాభం లేకపోయింది. ఇవాళ మధ్యాహ్నం మీటింగు. ప్యాడ్లు పీకేసి, ఆవిణ్ణి ఎక్కడో మూల ఆఫీసుకి పంపేస్తారని కాంటీన్లో టీ తాగుతూ చెప్పుకున్నారు.

“సెన్సరు విప్పి తెచ్చెయ్యండి బాబాయ్,” అంది ఇంజనీరమ్మ పొద్దున్నే. గొంతులో కోపం కూడా లేదు. “ఎలాగూ పీకేస్తారుగా, అది పాడవడం ఎందుకు?”

అతను పానా తీసుకుని బయల్దేరాడు.

ప్యాడ్ల వెనక గదికి చిన్న తలుపు. మిషను గాలిని లోపలికి లాక్కుంటుంటుంది కాబట్టి గోడకి కాలు తన్నిపెట్టి లాగితే గానీ తెరుచుకోదు. రెండు మోకాళ్ళూ కలుక్కుమన్నాయి. ముక్కుతూ మూలుగుతూ లోపలికెళ్ళి నిలబడ్డాడు.

లోపల వేడిగా ఉంది. చల్లగా తగలాల్సిన గాలి పొయ్యి పక్కన నిలబడ్డట్టు మొహాన కొడుతోంది. తలెత్తి చూశాడు. పైనున్న ప్యాడ్లలో సగానికి పైగా ఎండిపోయి, ఉప్పు పేరుకుని తెల్లగా ఉన్నాయి. గొట్టం చిల్లులు ఉప్పునీళ్ళకి పూడిపోయాయి. అక్కడ నీళ్ళు రావడం లేదు. ఒక్క తలుపు పక్కన మాత్రం గొట్టం అతుకు దగ్గర కారుతోంది, బొట్టు, మళ్ళీ బొట్టు. ఆ బొట్లన్నీ సరిగ్గా సెన్సరు నెత్తిన పడుతున్నాయి. నీళ్ళలో నానుతున్న సెన్సరు ఇరవై ఆరు కాక ఇంకేం చెబుతుంది?

సెన్సరు ఉండాల్సింది అక్కడ కాదు. డ్రాయింగులో అయిదు మీటర్ల ఎత్తున, గది నట్టనడుమ. ఆ రోజు నిచ్చెన వేశాడు, నాలుగు మెట్లెక్కాడు, కుడి మోకాలు ఒప్పుకోలేదు. సాయం పిలిస్తే సంగతి బయటపడుతుంది. ప్రస్తుతానికి తలుపు పక్కన, చెయ్యి అందిన చోట బిగించి, రేపు మారుద్దాంలే అనుకున్నాడు. రిజిస్టర్లో మాత్రం ‘డ్రాయింగు ప్రకారం’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ రేపు రాలేదు. ప్యానెల్ మీద ఇరవై ఆరు కనిపిస్తుంటే లోపల ఎలా ఉందో చూడాలని ఎవరికి తోస్తుంది?

ఛీ, ఏం బతుకురా నాది అనుకున్నాడు. కాసేపు అక్కడే గోడకి చేరగిలబడ్డాడు. బాగా అలసటగా ఉంది. సెన్సరు తుడిచి జేబులో వేసుకుని మెదలకుండా వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. స్టోర్సు గండం తప్పుతుంది. పోయేది ఆ ఇంజనీరు పిల్ల ఒక్కతే.

మీటింగు మొదలయ్యాక తలుపు తోసుకుని వెళ్ళాడు. మేనేజరూ, ఇంజనీరమ్మా, ఇంకో ఇద్దరూ తలలెత్తారు. చూసిందంతా నిలబడే చెప్పాడు. సెన్సరు ఉండాల్సిన చోట లేదని కూడా చెప్పాడు.

ఇంజనీరమ్మ చప్పున లేచింది. “సగం ప్యాడ్లు ఎండిపోయాయా?” అంది, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో. “అయితే నా లెక్క తప్పు కాదు!”

మేనేజరు చెడ్డవాడేం కాదు. కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. “సరే, అయిందేదో అయింది. సెన్సరు చెడిపోయిందని రాసేద్దాం. ఇన్నేళ్ళ సర్వీసు, చివర్లో నీకు మాటెందుకు? కొత్తది తెప్పిస్తాను.”

“అలాగే బాబాయ్,” అంది ఇంజనీరమ్మ కూడా. “మీరు చెప్పారు, నాకదే చాలు.”

ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. ఊఁ అంటే అయిపోతుంది. ఊఁ అనబోయాడు కూడా.

“వద్దండీ,” అన్నాడు. “అది భేషుగ్గా ఉంది. కొత్తది తెప్పిస్తే దాన్నీ నేనే బిగించాలి, మళ్ళీ అక్కడే బిగిస్తాను. నేను నిచ్చెన ఎక్కలేకపోతున్నాను.”

ఆ ఒక్క ముక్క బయటపెట్టడానికి మూడేళ్ళు పట్టింది అతనికి. చెప్పాక తేలికగా ఉంటుందనుకున్నాడు గానీ, తల కొట్టేసినట్టయింది.

మేనేజరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “తెలిసి తెలిసి ఇక నిన్ను ఎక్కించలేను. రేపు ఏదన్నా అయితే మీ ఆవిడకి ఏం చెప్పను? స్టోర్సుకి రాస్తున్నాను. సోమవారం నుంచి.”

“చిత్తం,” అన్నాడు.

తర్వాత రెండ్రోజులూ గొట్టం విప్పి, సన్న తీగతో ఒక్కో చిల్లూ పొడిచి శుభ్రం చేశారు. శనివారం మధ్యాహ్నానికి ప్యాడ్లు పైనుంచి కిందిదాకా తడిశాయి. ఇక సెన్సరు బిగించాలి.

“నేనెక్కుతాను, మీరు కింద నుంచి చెప్పండి,” అంది ఇంజనీరమ్మ.

“సోమవారం నుంచి కదమ్మా స్టోర్సు,” అన్నాడు. “ఇవాళ శనివారం.”

ఆవిడ వద్దనబోయి, అతని మొహం చూసి, నడుముకి బెల్టు తనే కట్టి తాడు పైన దూలానికి తగిలించింది. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ పెడుతూ ఎక్కాడు. నిచ్చెన నడుమకి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికి. పైకి చేరాక చల్లటి గాలి చెమట మీద తగిలింది. సెన్సరు బిగించాడు. ఓసారి లాగి చూశాడు. వైరు సర్దాడు. కంట్రోల్ రూము నుంచి వాకీటాకీలో గొంతొచ్చింది: “ఇరవై ఆరు! లోడు నూట తొమ్మిది మెగావాట్లు!” వెనకాల ఎవరో ఈల వేశారు.

“దిగండి బాబాయ్, మెల్లిగా,” అంది ఇంజనీరమ్మ.

ఇలాంటి పని ఒకటి అయ్యాక, ఎప్పుడు దిగుతావురా నాయనా, ఇంకో రెండు పనులున్నాయి అని కిందనుంచి కేకలెయ్యడం అక్కడి అలవాటు. ముప్పై ఏళ్ళుగా ఆ కేకలు విని విసుక్కునేవాడు. ఇవాళ దిగడానికి పావుగంట పట్టింది. ఇద్దరు ముగ్గురు చేతులు చాచి నిలబడ్డారు గానీ, తొందరగా రమ్మని ఒక్కరూ అనలేదు. అతనికి ఏడుపు ఆగలేదు.