మధ్యాహ్నం బ్యాచ్

ఆ వేసవిలో కొడుక్కి ఈత నేర్పించాలన్న ఆలోచన ఆమెదే. సెలవులిచ్చారంటే చాలు, వాడు సోఫాకి అతుక్కుపోయి ఫోన్ వదలడు. "ఒళ్ళు కదపకపోతే బూజు పడతావురా పండూ" అని రెండు వీధుల అవతలున్న స్విమ్మింగ్ పూల్‌లో పొద్దుటి బ్యాచ్‌లో చేర్పించింది.

మొదటిరోజు వాడు మెట్టు మీదే నిలబడిపోయాడు. గట్టు పట్టుకున్న చెయ్యి వదలడు.

"నువ్వు ఇక్కడే ఉంటావుగా? ఇంటికెళ్ళిపోవుగా?"

"ఎక్కడికెళ్తారా? నిన్నే చూస్తూ కూర్చుంటా. దిగు."

రేకుల నీడలో సిమెంటు బెంచీ ఒకటుంది. పిల్లల తల్లులంతా అక్కడే కూర్చునేవాళ్ళు. ఆమె ఒళ్ళో ఎప్పుడూ ఒక సంచి ఉండేది. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని, ఒక బట్టల షాపుకి స్కూలు యూనిఫాంలు కుట్టి ఇస్తుంది. బళ్ళు తెరిచేలోపు అన్నీ అందించాలి కాబట్టి అందరికీ సెలవులైన రోజుల్లోనే ఆమెకి ఊపిరాడని పని. మిషను పని ఇంట్లో చేసుకుని, గుండీలు మాత్రం బెంచీ మీద కుట్టుకునేది.

పక్కన కవలల తల్లి. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఇంకో పక్క ఒక నర్సు. నైట్ డ్యూటీ నుంచి నేరుగా పిల్లని తీసుకుని వచ్చి, కూర్చున్న చోటే కునుకు తీసేది. ఎవరైనా జోకు వేస్తే కళ్ళు తెరవకుండానే నవ్వేది.

"మా ఆయన నిన్న కూర బాగుందన్నాడు" అంది ఒకరోజు కవలల తల్లి.

"అదృష్టవంతురాలివి" అంది ఈమె.

"ఏం అదృష్టం వదినా! అది పక్కింటావిడ పంపిన కూర."

ముగ్గురూ పగలబడి నవ్వారు. కోచ్ విజిల్ నోట్లోంచి తీసి ఇటు చూసింది. అంత గట్టిగా తను ఎప్పుడు నవ్విందో ఆమెకి గుర్తు రాలేదు. ఇంట్లో నవ్వడానికి మనుషులు లేక కాదు. భర్త ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. ఎండాకాలమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు చల్లబరిచి, తను ఉడికిపోయి ఇంటికొచ్చేవాడు. తిన్న కంచం ముందే కళ్ళు మూతలు పడేవి. కూతురిది ఏవో ప్రవేశ పరీక్షల చదువు. తలుపు వేసి ఉంటుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటాయి. టిఫిన్ పెట్టినా, టీ ఇచ్చినా "ఊఁ" అనేది.

అందుకే పొద్దున లేస్తూనే ఆమెకి కాళ్ళు పూల్ వైపు లాగేవి. వాడికంటే ముందు తనే తయారై గుమ్మంలో నిలబడేది.

పండు నీళ్ళకి అలవాటుపడ్డాడు. తేలడం వచ్చింది, చేతులు వెయ్యడం వచ్చింది, లోతు వైపుకి మార్చారు. ఒక పొద్దున చెప్పులేసుకుంటూ అన్నాడు.

"అమ్మా, ఇవాళ్టి నుంచి నువ్వు రావద్దు. సైకిల్ మీద వెళ్తా."

"ఏరా?"

"లోతు బ్యాచ్‌లో ఎవరి అమ్మలూ రారు. నన్ను అమ్మకూచి అంటున్నారు."

"సరే, వెళ్ళు. రోడ్డు దాటేటప్పుడు చూసుకో."

వాడు మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. భుజాన గుండీల సంచి తగిలించుకునే ఉంది. లోపలికొచ్చి దాన్ని మిషను పక్కన పెట్టి, ఒక కాలరు తీసుకుంది. మిషను ఆగినప్పుడల్లా ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించి, మళ్ళీ తొక్కేది.

ఒకట్రెండు సార్లు కవలల తల్లికి ఫోన్ చేసింది. "రావట్లేదేం వదినా? నువ్వు లేక బెంచీ చప్పగా ఉంది" అనేది ఆవిడ. ఆ వెంటనే "ఉండు ఉండు, వీడు జారిపడ్డాడు" అని పెట్టేసేది. బెంచీకి ఊరికే వెళ్ళి కూర్చోవచ్చు కదా అనుకుంది. కానీ పిల్లాడు వద్దన్న చోటికి ఏ మొహంతో వెళ్తుంది?

ఒక ఆదివారం పండు స్నేహితులతో పార్కుకి వెళ్తానంటే బ్రెడ్డు ముక్కల మధ్య గుడ్డు పెట్టి డబ్బాలో సర్ది పంపింది. మర్నాడు కూరల కొట్టు దగ్గర కవలల తల్లి, నర్సు ఇద్దరూ కనిపించారు.

"నిన్న పార్కులో ఎంత బాగా జరిగిందనుకున్నావు!" అంది కవలల తల్లి టమాటాలు ఏరుతూ. "చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని పొద్దుపోయేదాకా కబుర్లే కబుర్లు. ఈ నర్సమ్మ పాట కూడా పాడింది. నువ్వూ వస్తే ఎంత బాగుండేది!"

ఆమె చేతిలో దోసకాయ అలాగే ఉండిపోయింది. "మీరూ వెళ్ళారా?"

ఆవిడ నర్సు వంక చూసింది. "అదేంటి? మీ పండుతో కబురు పెట్టాంగా. నీకు కుదరదన్నావట."

"అవునవును" అంది ఆమె. "పని ఎక్కువుంది. కుదర్లేదు."

సాయంత్రం పండు వంటింటి గట్టు మీద కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు.

"నన్ను కూడా పార్కుకి రమ్మన్నారటగా?"

"ఆఁ. నువ్వు కుట్టుపనిలో బిజీ అని నేనే చెప్పా."

"నన్ను అడగొచ్చుగా."

వాడు గింజ ఉమ్మి, ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వు బిజీయేగా, అమ్మా. ఎప్పుడూ మిషను దగ్గరే ఉంటావుగా?"

ఆ మాటలో కల్మషం లేదు. ఉంటే ఒక దెబ్బ వేసి ఊరుకునేది. గట్టు మీద కారిన రసం గుడ్డతో తుడిచి, ఆ గుడ్డనే చాలాసేపు పిండుతూ నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం, రోడ్డు మీద పిట్ట కూడా లేని ఎండలో, ఆమె పూల్‌కి వెళ్ళింది. అది ఆడవాళ్ళ బ్యాచ్.

"బాబు ఏమైనా మర్చిపోయాడా మేడమ్?" అంది కోచ్.

"లేదండీ. నేనే నేర్చుకుందామని."

కోచ్ ఆమెని కింది నుంచి పైదాకా చూసి, టోపీ ఒకటి ఇచ్చింది. నీళ్ళలో ఇద్దరు కాలేజీ అమ్మాయిలూ, ఒక పెద్దావిడా ఉన్నారు. అమ్మాయిలు వాళ్ళ లోకంలో వాళ్ళున్నారు. పెద్దావిడ ఎవరివంకా చూడకుండా అటూ ఇటూ ఈదుతోంది. ఆమె మెట్టు మీదే నిలబడిపోయింది. నడుం లోతు నీళ్ళలోకి దిగాక కూడా గట్టుని గట్టిగా పట్టుకునే ఉంది. పండు ఎందుకు చెయ్యి వదల్లేదో అప్పుడు తెలిసింది.

నాలుగైదు రోజులు నీళ్ళు మింగడంతోనే సరిపోయింది. ముక్కులోకి మంట, కళ్ళు ఎరుపు.

"మెడ బిగించకండి" అనేది కోచ్. "మెడ బిగిస్తే కాళ్ళు మునుగుతాయి. పొట్ట పైకెత్తండి. చూపు పైకప్పు మీద పెట్టండి."

ఒకరోజు అలాగే పైకప్పు రేకులు చూస్తూ ఉంటే, వీపు కింద కోచ్ చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలీలేదు. చెవులు నీళ్ళలో ఉన్నాయి. తన ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. ఇంట్లో నిశ్శబ్దంలా లేదది. భయం వెయ్యలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. నీళ్ళలో ఎవరికి తెలుస్తుంది?

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పింది. "నేను ఈత నేర్చుకుంటున్నానండీ. ఇవాళ తేలాను."

"ఎవరు, నువ్వే?" అన్నాడు భర్త. మొహంలో నవ్వు మొదలైంది. "మంచిదే. జాగ్రత్త, జారు..." అంటూనే కుర్చీలో తల వెనక్కి వాల్చేశాడు. జేబులో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

కూతురు ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. "నువ్వు? ఈతా? భలే అమ్మా!" అని మళ్ళీ పెట్టేసుకుంది.

"మా టైంలో రావుగా?" అన్నాడు పండు.

"రాన్లే. నాది మధ్యాహ్నం బ్యాచ్."

యూనిఫాం పొట్టి చేయించుకోడానికి కవలల తల్లి ఇంటికొచ్చినప్పుడు ఆవిడకీ చెప్పింది. "నేనూ వస్తా వదినా, ఆగు!" అని ఎగిరి గంతేసింది ఆవిడ. నిజంగానే ఒకరోజు వచ్చింది కూడా. మోకాలి లోతు దిగి, "అమ్మో, ఐసు!" అని అరిచి, ఎక్కి కూర్చుని గంటసేపు తన అత్తగారి గురించి చెప్పింది. ఆ రోజు ఈమె ఈదనే లేదు. నవ్వింది మాత్రం కడుపునిండా. ఆవిడ మళ్ళీ రాలేదు. ఈమె కొన్నాళ్ళు గేటు వైపు చూస్తూ దిగేది. తర్వాత చూడటం మానేసింది.

బళ్ళు తెరిచే ముందు వారం యూనిఫాంలన్నీ షాపుకి చేరాయి. ఆ మధ్యాహ్నం అమ్మాయిలు రాలేదు, పెద్దావిడా లేదు. ఆమె లోతు వైపున గట్టుని కాళ్ళతో తన్ని, ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా బయల్దేరింది. సగంలో ఊపిరందలేదు. కింద కాలికి నేల తగలదని తెలుసు. చేతులు వేస్తూనే ఉంది. వేళ్ళకి పలక తగిలేసరికి గట్టు పట్టుకుని వేలాడుతూ చుట్టూ చూసింది. కోచ్ అటు తిరిగి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

"దాటాను" అంది ఆమె, ఎవరికీ వినిపించనంత మెల్లగా. కాసేపాగి మళ్ళీ ఇటు ఈదింది.

తడిజుట్టుతో ఎండలో నడిచి ఇంటికొచ్చింది. కంచంలో ఇంత అన్నం పెట్టుకుని, ఫ్యాను కింద ఒక్కతే కూర్చుని తింది. ఒక చెవిలో నీళ్ళు పోయి దిబ్బడేసింది. వీధిలో హారన్లు, ఫ్యాను చప్పుడు, కూతురి గది తలుపు, అన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టున్నాయి. మిషను తుడిచి నూనె వేస్తుంటే పండు గుమ్మంలోంచి ఏదో అన్నాడు.

"ఏంట్రా?"

వాడు మళ్ళీ ఏదో అన్నాడు. ఆమె చెవి చూపించి తల అడ్డంగా ఊపింది. వాడు విసుక్కుంటూ దగ్గరకొచ్చాడు. ఇంకో చెవి దగ్గర మొహం పెట్టి, భుజం మీద చెయ్యేసి, గట్టిగా అన్నాడు.

"ఆకలేస్తోందమ్మా!"

"ఇప్పుడు వినిపించింది" అంది ఆమె. కానీ వెంటనే లేవలేదు.