అత్త పేరు మీద జిలేబీ

ఈ మూడు నెలల్ల మా ఇంట్ల సన్నబడాల్సింది నేను. సన్నబడ్డది మా అత్త. ఎట్లయిందో చెప్త, వినుండ్రి. నడుమ నవ్వొస్తే నవ్వుండ్రి, తిట్టబుద్ధయితే తిట్టుండ్రి. రెండూ నాకు తగినయే.

నా పేరు నిర్మల. సోలాపూర్ల బీడీ కార్మికుల కాలనీ, విడీ ఘర్కుల్ల ఉంటం. పద్నాలుగేండ్లప్పుడు బీడీల చాట ఒళ్ళె పెట్టుకున్న, ఇప్పుడు నలభై తొమ్మిది. కూసున్న కాడికెల్లి లేవని పని. ఒళ్ళు పెరిగింది, దాని ఎంబడి షుగర్ వచ్చింది. డాక్టర్ బాయి కాయితం చూసి, "సగటు షుగర్ తొమ్మిదున్నది. మూడు నెలల టైం ఇస్తున్న. దిగకుంటే రోజూ పొట్టకు సూది," అన్నది. సూదంటే నాకు సావు. మా స్వాతి పుట్టినప్పుడు నొప్పులకు ఏడ్వలే, సూదికి ఏడ్చిన. నర్సు నవ్వింది కూడా.

గా స్వాతే, నా బిడ్డ, పండ్ల డాక్టర్ దగ్గర నంబర్లు రాసే పని చేస్తది. ఫోన్ల యాప్ ఏసిచ్చింది. "అమ్మా, నువ్వు తిన్నది ప్రతీది దీంట్ల రాయి. రోజుకు పదిహేను వందల క్యాలరీలు. మీదికి ఒక్కటి పోవద్దు, ఎర్రగయితది. మూడు నెలలకు డాక్టర్ బాయికి చూపియ్యాలె."

నాకు నవ్వొచ్చింది. "పిచ్చిదానా! రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, ఇరవై ఐదుకు ఒక కట్ట కట్టి, ముప్పై ఐదేండ్లసంది కార్ఖానాల అప్పజెప్తున్న. నాకు లెక్క నేర్పుతవా? అక్కడ వెయ్యికి తగ్గొద్దు, ఇక్కడ పదిహేను వందలు దాటొద్దు. గంతే గదా ఫరక్."

గంతే కాదని మొదటి రోజే తెలిసింది. మా ఇంట్ల రోజూ తినేది కడక్ భాక్రీ. జొన్నరొట్టెనే, కాని అప్పడం లెక్క ఎండబెట్టింది. బుట్టల పెడితే నెల దినాలు పాడుకాదు. దాని ఫోటో తీస్తే ఫోన్ ఏమన్నదో తెలుసా? పిజ్జా అన్నది. పల్లీల కారం ఫోటో తీస్తే కుంకుమ అని చూపెట్టింది. ఫోటోలు బంద్ చేసి తూకం మొదలుపెట్టిన. ఇంట్ల ఉన్నది తమాకు తూచే తరాజు ఒక్కటే. దాంట్ల అన్నం తూచిన, పప్పు తూచిన, రొట్టె తూచిన. నా ఆయన పాండురంగ్, కుమఠా నాకా కాడ తువ్వాలలు నేసే సాంచెల మీద పని చేస్తడు, పొద్దుగూకినంక వచ్చి ఒక ముద్ద నోట్ల పెట్టుకున్నడు. మొకం అదోలా పెట్టిండు.

"ఏమే, అన్నంల తమాకు వాసనొస్తున్నది. అన్నం పెడుతున్నవా, చుట్ట తాగిపిస్తున్నవా?"

"తూకం తప్పితే నాకు సూది పడ్తది. నోరు మూసుకొని తిను," అన్న.

అంతకుముందు నేను తిండి గురించి ఎన్నడు ఆలోచించలే, ఒట్టు. ఆకలైతే తినేది, చెయ్యి కడుక్కునేది, మరిచిపోయేది. యాప్ వచ్చినంక పొద్దున కండ్లు తెరిస్తే తిండే, పండుకుంటే తిండే. వద్దనుకున్నకొద్దీ బటాటా వడ కండ్లముందల తిరిగేది. పదకొండయ్యేసరికి, "ఇంక ఎన్ని మిగిలినయి?" అని ఫోన్ చూసేది. మిగిలితే సంబురం, మిగలకుంటే ఇంటిల్లపాది మీద కోపం. చేతులు ఆకు చుడ్తుంటే నోరు క్యాలరీలు లెక్కపెట్టేది. ఒకనాడు రెండు లెక్కలు కలిసిపోయి, కట్టకు ఇరవై ఏడు పెట్టి పంపిన. కార్ఖానాల మాల్ తీసుకునేటాయన, "ఏం నిర్మలక్కా, పెండ్లి కట్నమా?" అని అందరి ముందు నవ్విండు.

ఇంకోటి చెప్త, సిగ్గు పోయినా సరే. మా గల్లీ పెంటప్ప మామ పోయిండు, పాపం. పదకొండో దినం భోజనానికి పోయినం. ఆయన భార్య కండ్లు తుడుసుకుంట గోధుమరవ్వ లాప్సీ వడ్డిస్తున్నది. నేను గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, "అక్కా, నెయ్యి ఎన్ని చెంచాలేసిన్రు?" అని అడిగిన. ఆమె గరిట గట్లనే పట్టుకొని నా మొకం చూసింది. "ఆయనకు ఇష్టమని లెక్కచూడక ఏసిన, నిర్మలా," అన్నది. ఛీ, నా బతుకు! భూమి చీలితే అండ్లకు పోవాలనిపించింది. పోయిన్నా? లేదు. అరకిలో నెయ్యిల పదో వంతు అనుకొని రాసుకున్న.

ఇగ మా అత్త సంగతి. పేరు యల్లమ్మ. డెబ్బై ఆరేండ్లు. నోట్ల నాలుగు పండ్లు, చేతులకు నాలుగు గాజులు. నేను కాపురానికొచ్చినప్పుడు మా ఇంట్ల కార్ఖానాల మాల్ రాసే బీడీ కార్డు ఒక్కటే, అది అత్తది. ఆమె, మా ఆడబిడ్డ, నేను, ముగ్గురం ఆ ఒక్క కార్డు మీదనే చుట్టేది. ఒకరికి జరమొస్తే ఇద్దరు ఎక్కువ చుట్టి వెయ్యి నింపేది. అయినా తక్కువ పడితే పక్కింటి ఆరతోళ్ళ అత్త నాలుగు కట్టలు ఇచ్చేది, మల్ల మేం ఇచ్చేది. ఎవరు ఎన్ని చుట్టిన్రని కార్డు అడగదు. నిండిందా లేదా, గంతే. అత్త ఇప్పుడు చుట్టదు, చేతులు వణుకుతయి. ఆకులు తడిపి ఇస్తది, దారం తెంపి ఇస్తది.

యాప్ల ఇంట్ల ఇంకొకరి పేరు ఫుకట్‌గ కలపొచ్చట. అత్త బీపీ గోలీ టైంకు గంట కొడ్తదని స్వాతి ఆమె పేరు కూడా కలిపింది. గా కలపడమే కొంప ముంచింది.

ఒక సాయంత్రం ఆరతి కొడుకు పరీక్ష పాసయిండని జిలేబీ పంపింది. అప్పటికే నాది పద్నాలుగు వందల ఎనభై. జిలేబీ చూస్తే వేడివేడిగ, పాకం కారుతున్నది. తినొద్దనుకున్న. అనుకుంటనే రెండు తిన్న. తిన్నంక ఫోన్ పట్టుకున్న. మూడు వందలు మీదికి పోతది, ఎర్రగయితది, డాక్టర్ బాయి చూస్తది, సూది! అప్పుడు అక్కడ అత్త పేరు కనబడ్డది. ఆమె లెక్క ఖాళీగ, పచ్చగ మెరుస్తున్నది.

"అత్తా, గీ జిలేబీలు నీ పేరు మీద రాస్తున్న, ఏమనుకోకు. నా లెక్క దాటుతున్నది, సూదేస్తరు."

"రాస్కో బిడ్డా, అందుల ఏమున్నది? ఎంతయింది?"

"మూడు వందలు."

"గా లెక్క నాకు తెల్వదు గని, రొట్టెలల్ల చెప్పు."

"రెండు రొట్టెలంత."

"మంచిది," అని తల ఊపింది. ముసలామెకు కూడా క్యాలరీలు తెలుస్తున్నయి, జమానా మారింది అని నేను మురిసిపోయిన. ఆ పూట అత్త, "ఆకలైతలేదు," అని రెండు గుక్కల చాయ్ తాగి పండుకున్నది. నా ఫోన్ల పచ్చటి పువ్వు పూసింది. "శభాష్ నిర్మల గారూ!" అని రాసింది.

శభాష్ అనిపించుకునుడు మరిగినంక ఆగుతదా? మా మొగోడు ఇరవై ఆరేండ్లల్ల ఒక్కసారి అనలే ఆ మాట. గందుకే మంగళవారం వడలు అత్త పేరు మీద రాసిన. గురువారం లస్సీ. ఆదివారం శ్రీఖండ్ పూరి. ప్రతిసారి ఆమె, "రొట్టెలల్ల ఎంత?" అని అడిగేది. నేను చెప్పేది. ఆమె తల ఊపేది. బుట్టల భాక్రీలు తగ్గేటియి కావు. ముందట పది దినాలకొకసారి కాల్చేదాన్ని, ఇప్పుడు ఇరవై దినాలైనా బుట్ట నిండుగనే ఉండేది. యాప్ పెట్టుకుంటే ఇంటికి బర్కత్ వచ్చిందని ఆరతికి చెప్పిన. ఆమె కూడా ఏసుకున్నది.

అత్త గాజులు మోచేతి దాకా జారుతున్నయని ఒకసారి చూసిన, అబద్ధమెందుకు. రైక భుజం మీదికెల్లి దిగుతున్నది. "అత్తా, సన్నబడ్డవేంది?" అన్న. "ముసలితనం బిడ్డా," అన్నది. ఇంకేమన్న అడుగుదామనుకున్న. కాని గప్పుడే ఫోన్ మోగింది, మధ్యాహ్నం తిన్నది రాయలేదని. రాసుకుంట కూసున్న. నాకెన్ని మిగిలినయో తెల్వదా అంటే తెలుసు. ఆమెకు ఏం మిగిలిందో చూడలే.

మూడు నెలలు నిండినయి. నా రక్తపరీక్ష కాయితం కవర్ ఇప్పకుండనే తీసుకొని, బీపీ చూపియ్యనీకి అత్తను ఎంబడి పెట్టుకొని దవాఖానకు పోయిన. ఫోన్ల తొంభై దినాల పచ్చటి పువ్వులున్నయి. లోపట గర్వంగ ఉన్నది. బయట బెంచీల మీద మా గల్లీ ఆడోళ్ళే పదిమంది.

డాక్టర్ బాయి ముందుగల్ల అత్తను కాంటా మీద నిలబెట్టింది. పాత చిట్టీ చూసింది, మల్ల కాంటా చూసింది.

"ఆజీ ఎనిమిది కిలోలు తగ్గింది. ఇంట్ల తిండి పెడుతున్రా లేదా?"

తలుపు తెరిచే ఉన్నది. బెంచీల మీదోళ్ళందరు మెడలు సాపిన్రు. నాకు నెత్తిల నిప్పులు పోసినట్టయింది.

"ఏం మాటలు డాక్టర్! మా ఇంట్ల తిండికి తక్కువా? అన్నీ రాసి ఉన్నయి, చూడుండ్రి," అని అత్త పేరు తెరిచి ఫోన్ ఆమె చేతుల పెట్టిన.

ఆమె కండ్లద్దాలు సర్దుకొని గట్టిగ చదివింది. "మంగళవారం, బటాటా వడలు మూడు. గురువారం, లస్సీ పెద్ద గ్లాసు. శనివారం, జిలేబీలు నాలుగు. ఆదివారం, పూరీలు ఆరు, శ్రీఖండ్." తల ఎత్తింది. "ఆజీ, నోరు తెరువుండ్రి. పండ్లెన్ని?"

"నాలుగు," అన్నది అత్త.

"నాలుగు పండ్లతోని ఇవన్నీ మీరే తిన్నరా?"

బెంచీల మీద ఎవరో కిసుక్కున నవ్విన్రు. అప్పుడు అత్త, నన్ను కాపాడుతున్న అనుకొని, ముందుకు వంగి చెప్పింది.

"పాపం, దాన్నేమనకు బాయీ. దానికి లెక్క దాటితే సూది పొడుస్తమన్నరట గదా. గందుకు నా పేరు మీద రాసుకున్నది. నా పేరు మీద పడ్డంక మల్ల నేను తింటే నా లెక్క దాటదా? అది ఎన్ని రొట్టెలంత తిన్నదో అడిగి, గన్ని రొట్టెలు నేను బుట్టల ఇడిచిపెట్టేది. మేం ఒక్క కార్డు మీద ముగ్గురం చుట్టినోళ్ళం. ఒకరికి తక్కువ పడితే ఒకరు సర్దాలె గదా."

బయట నవ్వు ఆగిపోయింది. డాక్టర్ బాయి నా పరీక్ష కాయితం తెరిచింది. తొమ్మిది నుంచి తొమ్మిదీ పాయింట్ నాలుగు. ఫోన్ల రాసింది అత్త పేరు మీద, చక్కెర పోయింది నా రక్తంలకు. రక్తానికి పేర్లతోని పనిలేదు. "రేపటిసంది సూది," అని రాసింది. మూడు నెలలు నేను భయపడ్డ మాట అదే. చెవులకు పడ్డది గని లోపటికి దిగలే. నేను అత్త గాజుల దిక్కు చూస్తున్న. మోచేతి కాడ ఆగినయి.

ఇంటికొచ్చి పొయ్యి ముట్టించి పప్పు కాగబెట్టిన. బుట్టకెల్లి రెండు భాక్రీలు తీసి చిదిపి, వేడి పప్పుల నానబెట్టి, మీదికెల్లి నెయ్యి పోసిన. తూచలే. చెంచాలు లెక్కపెట్టలే. అత్త ముందల పళ్ళెం పెట్టిన.

ఆమె చెయ్యి పెట్టలే. "ఇది ఎవరి పేరు మీద రాస్తున్నవ్?" అన్నది.

"ఎవరి పేరు మీద రాస్తలేను."

"రాయకుంటే ఫోన్ కోపం చెయ్యదా?"

"చేస్తే చెయ్యనీ, దాని మొకం మండ! నువ్వు తిను ముందుగల్ల!" అని అరిచిన. ఇరవై ఆరేండ్లల్ల అత్త మీద గంత గొంతు ఎన్నడు లేపలే. పక్కింట్ల ఆరతి కిటికి తెరిచింది, మల్ల మూసింది.

అత్త తినుడు మొదలుపెట్టింది. మెల్లగ, నాలుగు పండ్లతోని. సగం తిన్నంక ఆగి, పళ్ళెం నా దిక్కు జరిపి, తప్పు చేసినట్టు నా మొకం చూసింది.

"నేను ఇంకొక్క రొట్టె ఇడిచిపెట్టి ఉంటే, నీకు సూది తప్పుతుండె గదా బిడ్డా?"

పళ్ళెం మల్ల ఆమె దిక్కు జరిపి, ఒక ముద్ద కలిపి, ఆమె నోటికి పెట్టిన.