గురువారం తీసిన గోళ్ళు

“గోళ్ళు! ముప్పై ఎనిమిది మంది కాలిగోళ్ళు! అదీ శుక్రవారం పూట, నా పప్పుల డబ్బాల పక్కన!” అంది కమలాదేవి. ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి కోడలితో అంది, రెండోసారి దేవుడి మూలవైపు తిరిగి అంది, ఇప్పుడు కొడుకు గదివైపు గొంతు పెంచి అంది.

“పప్పుల పక్కన కాదత్తయ్యా. పై అరలో, మూత బిగించిన స్టీలు డబ్బాలో, కాగితం కవర్లలో ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే ల్యాబ్‌కి తీసుకుపోతాను,” అంది ధాత్రి చపాతీ పిండి పిసుకుతూనే.

“పై అరైతే మాత్రం? గోరు ముక్క ఇంట్లో పడి ఉంటేనే గొడవలంటారు. డబ్బాడు తెచ్చి పెట్టుకుంటే ఈ కొంపలో శాంతి ఎక్కడ మిగులుతుందమ్మా?”

ధాత్రికి నవ్వు వచ్చినంత పనయింది. డబ్బా ఆ ఇంట్లోకి వచ్చి మూడు గంటలయింది. శాంతి పోయి పద్నాలుగేళ్ళు.

ఆ ఎడారి దేశంలో, మెసైమీర్ పేటలోని ఆ ఫ్లాట్‌లో ధాత్రి ఏం చదివిందో అందరికీ తెలుసు, ఏం చేస్తుందో ఎవరికీ అక్కర్లేదు. గాలిలో, ధూళిలో, నీళ్ళలో ఉన్న విషాలు మనిషి ఒంట్లోకి ఎలా చేరతాయో, చేరి ఏం చేస్తాయో కొలవడం ఆమె పని. మామగారు రామకృష్ణారావు ఊరినుంచి ఫోన్లొస్తే “మా కోడలు ఏదో దుమ్ము మీద పరిశోధనలెండి” అని నవ్వేవాడు. “ఇంట్లో దుమ్ము దులపడానికి మాత్రం తీరదు” అని అత్తగారు అందుకునేది. భర్త వరుణ్ ఏమీ అనేవాడు కాదు. అతను అనే మనిషి కాదు. మొదటి పరిశోధన వ్యాసం అచ్చయిన రోజు ధాత్రి దాన్ని అతని చేతికిచ్చింది. రెండు పేజీలు తిప్పి, “ఇందులో నా పేరు ఎక్కడుంది?” అని అడిగాడు. నవ్వుతూ అడిగాడనుకుని ఆమె నవ్వింది. ఆ నవ్వుకే మొదటి దెబ్బ పడింది. తర్వాత తర్వాత చోటు చూసుకుని కొట్టడం నేర్చుకున్నాడు. జబ్బల మీద, వీపు మీద, తొడల మీద, ల్యాబ్ కోటు కప్పేసే చోట.

ఈసారి ఆమె చూస్తున్నది ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక యార్డుని. పాత ఇనుప గొట్టాలకీ దూలాలకీ పట్టిన పెయింటుని ఇసుకలాంటి రవ్వ చిమ్మి కొట్టి, పొడి చేసి, ఊదేసే యార్డు. ఆ పెయింటులో సీసం ఉంది. ఆ పొడి పీల్చేవాళ్ళకి కడుపులో మెలితిప్పినట్టు నొప్పి వస్తుంది, మణికట్టు వాలిపోతుంది, కొందరికి కళ్ళు తిరుగుతాయి. పోయిన వేసవిలో గజేందర్ అనే కుర్రాడు మంచె మీద పని చేస్తూ గిలగిలా కొట్టుకుని నలభై అడుగుల కింద పడ్డాడు. తల కొబ్బరికాయలా పగిలిందని చూసినవాళ్ళు చెప్పారు. అజాగ్రత్త అని కంపెనీ రాసుకుంది.

రక్తం తీయడానికి, కూలీలుండే క్యాంప్ నడిపేవాళ్ళు ఒప్పుకోలేదు. గోళ్ళు పనికొస్తాయంది ధాత్రి. కాలిగోరు నెమ్మదిగా పెరుగుతుంది, దాని కొసలో నెలల కిందటి మనిషి ఉంటాడు, అప్పుడు అతని ఒంట్లోకి ఏం చేరిందో ఉంటుంది. అడ్డం వచ్చింది ఒక్కటే. వాళ్ళకి దొరికే సెలవు శుక్రవారం. ఆ రోజు కత్తెర ఇస్తే జగిత్యాల మనిషి ముత్యం కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

“శుక్రారం గోర్లు తీస్తరా మేడం? లచ్చిమి పోతది. ఈడికొచ్చి ఏండ్లాయె, ఇంకా అప్పే తీరలే. ఉన్న ఆ జరంత లచ్చిమిని గూడ మీరు తీస్కపోతరా?” అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. అతనికి నవ్వుతుంటే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, “బేస్తారం డ్యూటీ నుంచొచ్చి, తానం జేసి, పొద్దు గూకకముందే తీసి పెడ్తం. మీరు శుక్రారమొచ్చి తీస్కపోండ్రి” అన్నాడు.

అలా ఆ క్యాంప్‌లో గురువారం గోళ్ళు తీసేవాళ్ళు. ధాత్రి ఇంట్లోనూ అదే గురువారం. వరుణ్‌కి నడుము పట్టేసిందని పెళ్ళయిన మూడో ఏట మొదలైన పని అది. నడుము బాగయింది, పని ఆగలేదు. సాయంత్రం దీపం పెట్టకముందే అతను సోఫాలో కూర్చుని కాలు పీట మీద పెడతాడు. ఆమె కింద కూర్చుని, కాగితం పరిచి, గోళ్ళు తీస్తుంది. కొంచెం లోపలికి తెగితే అదే కాలు లేస్తుంది.

వరుణ్ ఆ యార్డుకి సేఫ్టీ మేనేజరు. పరీక్షించాల్సిన చోట్ల జాబితాలో ఆ యార్డు పేరు వచ్చిన రోజునే ధాత్రి ఆ సంగతి తన పై అధికారి మెహర్ సుల్తానాకి చెప్పేసింది. లెక్కలన్నీ మెహర్ చూసేట్టు, తను నమూనాలు మాత్రం సేకరించేట్టు ఒప్పుకున్నారు. వరుణ్‌కి మాత్రం ఏ యార్డో చెప్పలేదు.

ఇప్పుడు తల్లి కేకలు విని అతను వంటగదిలోకి వచ్చి, డబ్బా దించి, మూత తీసి కవర్లు చూశాడు. పేర్లుండవు, నంబర్లే. ఆ నంబర్ల ముందు యార్డుకి గుర్తుగా రాసిన అక్షరం చూశాడు.

“మా యార్డువేనా?”

అబద్ధం చెప్పొచ్చు. పద్నాలుగేళ్ళలో ఆమె చెప్పిన అబద్ధాలు తక్కువేం కావు. మెట్ల మీద జారాను, బీరువా తలుపు తగిలింది.

“అవును,” అంది.

“నా ఉద్యోగం తీయించి, నా తిండి తింటూ ఇక్కడే ఉందామనా? నా వీసా మీద ఉండి?” గొంతు పెంచలేదు. డబ్బా పట్టుకుని బాత్‌రూమ్ వైపు నడిచాడు.

హాల్లో రామకృష్ణారావు రిమోట్ తీసుకుని టీవీ శబ్దం పెంచాడు. ఆ ఇంట్లో అది మామూలే. అలా పెంచిన ప్రతిసారీ టీవీలో ఏం వస్తోందో ధాత్రికి గుర్తుండిపోయేది. చెవి గూబ అదిరిన రోజు బంగారం ధర. పక్కటెముక చిట్లిన రోజు తుపాను హెచ్చరిక. ఇవాళ ఎవరిదో వంట కార్యక్రమం. గుత్తివంకాయ.

పిండి చేతులతోనే ఆమె పరుగెత్తింది. అతను కవర్లు చింపి కమోడ్‌లోకి దులుపుతున్నాడు. ఆమె డబ్బా అందుకోబోయింది. అతను జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బయటికి తోసి తలుపు లాగాడు. ఆమె కుడిచెయ్యి ద్వారబంధం మీద ఉంది. అతను చూశాడు. చూసే లాగాడు. అడ్డం తగిలిందని ఇంకోసారి, బలం కూడదీసుకుని లాగాడు. వేళ్ళెముకలు విరిగిన చప్పుడు ఫ్లష్ చప్పుడులో కలిసిపోయింది. ఉంగరపు వేలి గోరు ఊడి గడప మీద పడింది. రక్తం పిండిలో కలిసి ఎర్రటి ముద్దలా చేతికి అంటుకుంది.

వరండా చివర తొమ్మిదేళ్ళ సాహితి హోంవర్క్ పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. ఏడవకపోవడం ఆ పిల్లకి ఎప్పుడు అలవాటయిందో ధాత్రి గమనించనేలేదు.

కమలాదేవి వచ్చి గడప మీది గోరుని చూసింది. “అనుకుంటూనే ఉన్నా, గోళ్ళు తెస్తే ఇంతేనని,” అంటూ తడిగుడ్డ తెచ్చి తుడిచింది.

ఆసుపత్రికి వరుణే తీసుకెళ్ళాడు. “తలుపు పడిందని చెప్పు,” అన్నాడు దారిలో, రెండు సిగ్నళ్ళ దగ్గర రెండుసార్లు. అతను కారు పెట్టి వచ్చేలోపు లోపల డాక్టరు అడిగింది, ఎలా జరిగిందని.

“తలుపే,” అంది ధాత్రి. గుమ్మం వైపోసారి చూసి, “వేసింది మా ఆయన. రెండుసార్లు వేశాడు. అలాగే రాయండి,” అంది.

ఆదివారం అక్కడ వారంలో మొదటి పనిరోజు. కట్టు కట్టిన చేత్తో ల్యాబ్‌కి వెళ్ళింది. మెహర్ సుల్తానా ఆ చెయ్యి చూసి, కూర్చోమని కుర్చీ ముందుకు లాగింది. ముందే ఏదో మోస్తున్న మనిషిలా ఉంది.

“బైఠో ధాత్రీ. మొదటి బ్యాచ్ రిజల్ట్స్ వచ్చాయి.”

మొదటి బ్యాచ్ రెండు నెలల కిందటిది. అందులో యార్డు కూలీలతోపాటు, పోలిక కోసం యార్డు పొడి తగలదనుకున్న నాలుగు కుటుంబాల గోళ్ళు పెట్టారు. ఒకటి ధాత్రి కుటుంబం, నమూనాలు సేకరించే తను కాక భర్తా పిల్లా. వరుణ్ కాగితం చదవకుండానే తనకీ పిల్లకీ సంతకం చేసేశాడు. “ఏసీ గదిలో కూర్చునేవాడి గోళ్ళలో ఏముంటుందే, పిచ్చిదానా” అన్నాడు. అతన్ని ఆఫీసు మనిషి కిందే లెక్క కట్టారు, ధాత్రి కూడా.

“మూడిళ్ళు బాగున్నాయి. ఒక్క ఇల్లు లైన్‌లో లేదు,” అంది మెహర్. “నంబర్లు నువ్వే చూడు. నేను చెప్పలేను, ఖుదా కసమ్.”

వరుణ్ గోళ్ళలో సీసం ముత్యం గోళ్ళలో ఉన్నంత ఉంది. అతనికంటే కొంచెమే తక్కువలో, కింది వరుసలో, సాహితి ఉంది.

ఆ మధ్యాహ్నమే స్కూలు నుంచి పిల్లని తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించింది. బుధవారం రిపోర్టు వచ్చింది. అనుమానానికి చోటు లేదు. ఏడాదిగా కడుపునొప్పి అంటున్న పిల్ల. ఎక్కాలు అప్పజెబుతూ మధ్యలో మరిచిపోతే “మొద్దు మొహమా” అని పుస్తకం మొహాన విసిరేవాడు తండ్రి. “తల్లికి చదువు పిచ్చి ముదిరితే పిల్లలకి బుర్ర తక్కువవుతుంది,” అనేది నాయనమ్మ. నిజంగా కడుపునొప్పా, స్కూలు ఎగ్గొట్టడానికా అని ఒకటి రెండుసార్లు ధాత్రికే అనుమానం వచ్చింది. ఇప్పుడు ఆ అనుమానం గుర్తొస్తే విరిగిన చెయ్యి కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

సీసం ఇంట్లోకి ఏ దారిన వచ్చిందో ఆమెకి వెతకనక్కర్లేదు. యార్డులో అడుగుపెట్టిన వాళ్ళెవరైనా అక్కడే స్నానం చేసి, బట్టలు అక్కడి లాండ్రీలోనే వేసి రావాలి. ఆ నియమం రాసిందే వరుణ్. తను మాత్రం వేసేవాడు కాదు. “వాళ్ళ బట్టలతో కలిపి నావి ఉతుకుతారా?” అని సంచిలో పెట్టి ఇంటికి తెచ్చేవాడు. కమలాదేవికి అది ఎంత గర్వమో. “మావాడు లేబర్ బట్టల్లో తన బట్టలు కలవనివ్వడమ్మా,” అని ఎదురింటి వాళ్ళకి చెప్పుకునేది. ఆ బట్టల జేబులు తిరగేసి, బూడిదరంగు పొడి బాల్కనీలో దులిపి, మెషీన్‌లో వేసేది ధాత్రి. నీళ్ళు వృథా చేయకు అని అత్తగారంటే సాహితి యూనిఫామూ, దిండు గలీబులూ అందులోనే వేసేది. నాలుగేళ్ళు. వారానికి మూడుసార్లు. ఊరందరి గోళ్ళూ కొలిచిన మనిషి. ల్యాబ్ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఆమె తలుపు వేసుకుంది. ఆ తర్వాత ఎడమ పిడికిలితో గోడని కొట్టింది.

అదే రోజు ముత్యానికి ఫోన్ చేసి, “మీరిచ్చినవన్నీ పోయాయి ముత్యం. నీళ్ళపాలు చేశారు,” అంది. ఎవరో చెప్పలేదు.

అవతల కాసేపు దగ్గు. “గోర్లేంది మేడం, మళ్ళ పెరుగుతయ్. మేం ఏడికి పోతం? నెల రోజులాగుండ్రి, ఇంకో పది మందిని గూడ పట్కొస్త. గజేందర్ రూమోళ్ళు ఇస్తమంటున్నరు. గని, మీకు పానం మంచిగున్నదా? గొంతు అట్లున్నదేంది?”

“బాగుంది,” అంది. ఆ మాట చాలా రోజుల తర్వాత అబద్ధంలా వినిపించలేదు.

గురువారం సాయంత్రం. వరుణ్ సోఫాలో కూర్చున్నాడు, కాలు పీట మీద పెట్టాడు. పక్కన గోళ్ళ కత్తెర.

“ఎడమ చెయ్యి బాగానే ఉందిగా?” అన్నాడు.

“చీకటి పడకముందే కానివ్వమ్మాయ్, దీపం పెట్టాలి,” అంది కమలాదేవి.

ధాత్రి వీధి తలుపు బార్లా తీసి, దానికి కుర్చీ అడ్డం పెట్టి వచ్చింది. ఎదురింట్లో మనుషుల మాటలు వినపడుతున్నాయి. ఆమె కింద కూర్చోలేదు. టీవీ పక్కన నిలబడింది.

“కత్తెర మీరే తీసుకోండి. నేనిక తీయను,” అంది. “యార్డు రిపోర్టు నిన్న ప్రభుత్వానికి వెళ్ళిపోయింది, మొదటి బ్యాచ్ లెక్కలతో. మీ గోళ్ళ లెక్క కూడా అందులోనే ఉంది. ముత్యం పక్కనే ఉన్నారు మీరు. డాక్టరుకి చూపించుకోండి.”

రామకృష్ణారావు చెయ్యి సోఫా మీద తడిమింది.

“రిమోట్ నా దగ్గరుంది మావయ్యగారూ. ఈ ఒక్కసారి వినండి.”

వరుణ్ లేచాడు. పిడికిలి బిగిసింది. తెరిచి ఉన్న తలుపువైపు చూశాడు. ఎదురింటి మనిషి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఇటే చూస్తున్నాడు. వరుణ్ నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు.

“సాహితి రక్తంలో సీసం ఉంది. మీ అబ్బాయి యార్డు నుంచి తెచ్చిన బట్టల్లోంచి వచ్చింది. ఉతికింది నేనే. అది నేనెవరి మీదా తోసెయ్యను. నా చెయ్యి ఎలా విరిగిందో ఆసుపత్రి కాగితంలో ఉంది, పోలీసుల దగ్గరా ఉంది. నా వీసా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తీసుకుంటున్నారు. పిల్ల కింద మెహర్ సుల్తానా కారులో ఉంది. దాని మందులు ఇవాళే మొదలుపెట్టాలి.”

ఆమె గొంతు వంకాయల ధర చెప్పినట్టుంది. తనకే ఆశ్చర్యంగా ఉంది.

“ఎక్కడికే? ఈ పూట ఎక్కడికి?” కమలాదేవి అగ్గిపెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయింది. “ఎవరితో కలిసి ఉంటావు?”

“ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో రెండు గదులు తీసుకున్నాను.” ధాత్రి ఎడమ చేత్తో సంచి భుజానికి తగిలించుకుంది. “ఎవరి బట్టలూ ఎవరితోనూ కలవకూడదని మీరు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు కదత్తయ్యా. ఇవాళ్టి నుంచి సాహితివీ నావీ విడిగానే ఉతుకుతాను. వేరే ఇంట్లో.”