దాటుకుంటూ

మా సోంబేరి పోయాక కూడా మేము వాణ్ని దాటుకుంటూనే తిరిగాం.

వాడు మా కుక్క. నేను బట్టలు కుట్టే ముందుగదికీ వంటింటికీ మధ్య, గడపకు ఆనుకుని అడ్డంగా పడుకునేవాడు. ఎంత అదిలించినా లేచేవాడు కాదు, అందుకే ఆ పేరు. ఇంట్లో ఎవరు అటు వచ్చినా కాలెత్తి వాడి మీంచి అంగ వేయాల్సిందే. వాడు పోయి, ఎండలు పోయి, వానలు కూడా వెనకపట్టాయి. మా కాళ్లకు మాత్రం ఆ కబురు అందలేదు. బస్సు నడిపే మా ఆయన నిద్రకళ్లతో టీ గ్లాసు పట్టుకుని వస్తూ అక్కడ అంగ వేస్తాడు. మా అత్తగారు ముందు చేతికర్ర అవతల మోపి, తర్వాత కాలెత్తి, ఖాళీ నేలను జాగ్రత్తగా దాటుతుంది. జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చే నర్సమ్మ మమ్మల్ని చూసి తనూ అలాగే దాటి, "ఇక్కడ తొక్కకూడదా అండీ?" అని అడిగింది. "అవునండీ" అన్నాను.

అలాంటి ఇంటికి ఓ మధ్యాహ్నం మా ఆడపడుచు గోధుమరంగు కుక్కను తాడు పట్టుకుని తీసుకొచ్చింది. తను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది.

"వదినా, ముందే చెప్తున్నా. నీకు అంటగట్టడానికి రాలేదు."

"ఆ మాటతోనే తెలిసిపోయిందిలే, ఎందుకొచ్చావో."

"వినవమ్మా. దీన్ని పెంచినావిడ ఇల్లు మారుతోంది. అక్కడ కుక్కల్ని రానివ్వరట. సాయంత్రం దాకా ఉంచుకో. నువ్వు వద్దంటే పక్క ఊళ్లో ఒకాయన తీసుకుంటానన్నాడు, ఈపూటే పంపించేస్తా. పేరు దొరసాని."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "నీ ఇష్టం" అన్నాడు. అత్తగారి వైపు చూశాను. "నీ ఇష్టమమ్మా, నాదేముంది" అంది. ఇద్దరూ మర్యాదగా తప్పుకున్నారు. సోంబేరిని అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు తెచ్చి పెంచింది నేను కాబట్టి, బరువంతా నా మీదే పెట్టారు.

సరేనంటే వాడి చోటు తడిగుడ్డతో తుడిచేసినట్టు. వద్దంటే ఇది వెళ్లిపోతుంది, ఇంక నన్నెవరూ అడగరు. ఆ రెండోది తల్చుకుంటే హాయిగా ఉండాలి కదా. లేదు.

ఈలోగా దొరసాని తాడు విడిపించుకుని, ముందుగది అంతా ఒకసారి చూసి, తిన్నగా వంటింట్లోకి నడిచింది. మేం ఎవరం అడుగు పెట్టని ఆ చోట నాలుగు కాళ్లూ పెట్టి మరీ వెళ్లింది.

"అయ్యో, తొక్కేసింది!" అంది అత్తగారు.

అనేశాక ఆవిడకే నవ్వొచ్చింది. మా ఆడపడుచు అయోమయంగా "ఏం తొక్కింది?" అంది. మా ఆయన "ఏం లేదులే" అని చెప్పి, వంటింట్లో ఉన్న టిఫిన్ డబ్బా కోసం వెళ్తూ మళ్లీ అక్కడ కాలెత్తాడు.

మా ఆయనా ఆడపడుచూ వెళ్లాక సోంబేరి దుప్పటి తీసి గడప దగ్గర పరిచాను. దొరసాని వాసన చూసి పక్కకు జరిగింది. చెవుల వెనక గోకబోతే మొహం తిప్పేసుకుంది. అత్తగారు గిన్నెలు సర్దుతూ మెల్లగా "ఒరేయ్ సోంబేరీ" అని పిలవడం విన్నాను. కుక్క పలకలేదు.

"ఊరికే, చూద్దామనీ" అంది ఆవిడ నన్ను చూసి.

"నేనూ పిలిచి చూశాను అత్తయ్యా, ఇందాక."

తర్వాత మిషను ముందు కూర్చున్నాను. ఎవరింటికో తెల్లటి పరదాలు కుట్టాలి. గుడ్డ ఒళ్లోంచి నేలమీదికి జారి, గది నిండా పాలపొంగులా పరుచుకుంది. కిటికీ వెలుతురు అందులో ఇంకిపోయి, గోడలు కొంచెం దూరం జరిగినట్టనిపించింది. మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

సోంబేరి అక్కడే ఉన్నాడు, గడప దగ్గర. వాడి మీద కూడా తెల్లగుడ్డ కప్పి ఉంది, ఊపిరికి మెల్లగా లేస్తూ పడుతూ. నాకేం వింతగా అనిపించలేదు.

"ఏరా, ఇంకోదాన్ని తెచ్చుకోమంటావా?" అని అడిగాను.

వాడు ఒక కన్ను తెరిచి నన్ను చూసి, పెద్దగా ఆవులించి, మళ్లీ మూసుకున్నాడు.

"నువ్వు కూడా ‘నీ ఇష్టం’ అంటున్నావట్రా!" అని కసిరాను. కసురుతూనే చెయ్యి చాపి వాడి వీపు మీద వేశాను. సోంబేరిది పత్తిలాంటి బొచ్చు, వేళ్లు లోపలికి వెళ్లిపోయేవి. ఇప్పుడు వేళ్లకు పొట్టిగా, గరుగ్గా, ఎండిన గడ్డిలా తగిలింది. కింద వెచ్చగా, గబగబా కొట్టుకునే గుండె.

కళ్లు తెరిచాను. కుర్చీ పక్కన పరదాల కుప్పలో దొరసాని పడుకుని ఉంది. కొత్త పరదా మీద, కాళ్లు చాపుకుని. చెయ్యి తీసేద్దామనుకున్నాను. తీయలేదు. వాడి వీపు ఎలా ఉండేదో నా వేళ్లకు ఇంకా స్పష్టంగా తెలుస్తూనే ఉంది. దీన్ని ముట్టుకున్నంత మాత్రాన చెరిగిపోలేదు.

వెలుతురు పసుపురంగుకు తిరిగే వేళకు ఫోన్ మోగింది.

"ఏం చెప్పమంటావు వదినా ఆయనకి?"

"ముందు ఇది చెప్పు. దీనికి చెవుల దగ్గర పుండేమైనా ఉందా? ముట్టుకుంటే మొహం తిప్పుకుంటోంది."

"చూశాం, ఏం లేదు. కొన్నిటికి నచ్చదంతే."

"మరి ఎక్కడ నచ్చుతుంది?"

"నాకేం తెలుసు! దాన్నే అడుగు."

"ఉరుములకి భయపడుతుందా? పాలు పడతాయా?"

"నేనొకటి అడిగితే నువ్వు నాలుగు అడుగుతున్నావు. ఆయన ఎదురుచూస్తున్నాడు వదినా, రమ్మననా వద్దననా?"

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి అత్తగారి గొంతు లేచింది. "ఇంకా ఏంటే దాన్ని అడగడం! వద్దని చెప్పేయమను ఆ మనిషికి!"

"ఇందాక నా ఇష్టమన్నారు కదత్తయ్యా?"

"నీ ఇష్టమే. త్వరగా చెప్పమంటున్నా, అంతే."

"చెప్పేయ్, రావద్దని" అన్నాను ఫోన్లో. అటువైపు ఆడపడుచు ఏదో అంది కానీ వినిపించలేదు, దొరసాని తలుపు దగ్గర నిలబడి గోళ్లతో గీరుతోంది.

తాడు కట్టి బయటికి తీసుకెళ్లాను. అలవాటుగా ఎడమవైపు రెండడుగులు వేశాను. అది కుడివైపు లాగింది. ఆ సందులోకి నేనెప్పుడూ వెళ్లలేదు, ఇన్నేళ్లూ వెళ్లే పని పడలేదు. ఎవరో అరుగు కడుగుతున్నారు, నీళ్లు మెల్లగా మా వైపు పారుతున్నాయి. ఓ మేడమీద ఎవరో పాట నేర్చుకుంటూ ఒకే ముక్కను మళ్లీ మళ్లీ తప్పుతున్నారు.

"నెమ్మదే తల్లీ" అన్నాను. దొరసాని నెమ్మదించలేదు. నేనే అడుగు పెంచాను.