మోచేతి సున్నం

పెద్దమ్మగారి నల్లగౌను మోచేతికి అంటిన సున్నాన్ని హెస్టర్ ఎప్పటిలాగే శుభ్రంగా దులిపేసింది. అదెక్కడ అంటుకుందా అన్న ఆలోచన అప్పుడే రావలసింది. వచ్చింది మాత్రం మర్నాడు, ఫీబీని పోలీసు సార్జెంట్ జబ్బ పట్టుకుని తీసుకుపోయాక.

యార్క్‌లో మిసెస్ ఫెన్విక్ ఇంట్లో హెస్టర్ పెద్ద పనిమనిషి. ఫీబీ ఆమె చేతికింద పిల్ల. పైకప్పు కింద గదిలో ఇద్దరికీ కలిపి ఒకటే మంచం, చెరొక చెక్కపెట్టె; ఫీబీ తన పెట్టెకి తాళం వేసుకునేది కాదు. ఆ పొద్దున్న అగస్టా అమ్మాయిగారు గౌనుకి గుచ్చుకునే ముత్యాల బ్రూచ్ కనబడటం లేదని గోల పెట్టింది. తన పెళ్ళినాడు పెట్టుకోవలసిన బ్రూచ్. తల్లి మిసెస్ ఫెన్విక్‌ని ఒక్కమాట అడక్కుండా పోలీసులకి కబురు పంపింది. సార్జెంట్ వచ్చి పనివాళ్ళ పెట్టెలన్నీ తెరిపించాడు. ఫీబీ పెట్టెలో, మడత పెట్టిన మేజోళ్ళ మధ్య, బ్రూచ్ దొరికింది.

సోమవారం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. రుజువైతే జైలు. జైలుకెళ్ళొచ్చిన పనిపిల్లని ఆ తర్వాత ఏ ఇంట్లోనూ గడప తొక్కనివ్వరు.

“ఏమే పోలీసమ్మా, ఏం కనిపెట్టావు?” అంది వంటావిడ మిసెస్ టాడ్, మాంసం కూరిన రొట్టె మీద పిండిరేకు పరుస్తూ.

ఆ పేరు ఆవిడ పెట్టిందే. కిందటి చలికాలం షెర్రీ ద్రాక్షసారా సీసాలో ఎవరో నీళ్ళు కలుపుతున్నారని తేలింది. అందరూ మిసెస్ టాడ్ వైపే చూశారు. సీసా మూతకి అంటిన గుగ్గిలం పొడిని చూసి, అది వయొలిన్ కమానుకి రాసేదని గుర్తుపట్టి, అగస్టా అమ్మాయిగారికి పాఠాలు చెప్పే మాస్టారిని పట్టించింది హెస్టరే.

“ఫీబీ తియ్యలేదు,” అంది హెస్టర్.

“అది నాకు చెప్పాలా? దొంగతనం చేసే తెలివే ఉంటే, తోమిన గిన్నెకి అడుగున మాడు వదిలేస్తుందా? సరే, తియ్యలేదు. మరి బ్రూచ్‌కి కాళ్ళొచ్చి పైకెక్కిందా? అదిగో, ఆ చెయ్యి ఇటు పెట్టకు! సున్నం నా పిండిలో రాలుతోంది.”

హెస్టర్ తన మోచెయ్యి చూసుకుంది. తెల్లటి చార. వెనకమెట్లు ఎక్కి దిగినప్పుడల్లా అంటేదే. ఆ మెట్లు ఇరుకు, ఎంత ఒదిగి ఎక్కినా గోడకి రాసుకోక తప్పదు. ముందుమెట్లకి తివాసీ ఉంది, పక్కన గోడలకి పూల కాగితం ఉంది. ఇంట్లో సున్నం కొట్టిన గోడంటూ ఉంటే అది పనివాళ్ళ మెట్ల పక్కనే.

నిన్న పెద్దమ్మగారి నల్లగౌను మోచేతి మీద ఉన్న చార కూడా ఇలాంటిదే.

“ఏమిటే అలా అయిపోయావు?” అంది మిసెస్ టాడ్.

“బ్రూచ్‌కి కాళ్ళొచ్చాయి మిసెస్ టాడ్,” అని హెస్టర్ చెయ్యి తుడుచుకుని పైకి వెళ్ళింది.

పెద్దమ్మగారు మిసెస్ ఫెన్విక్ తల్లి. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని దారం ఉండ చుడుతూ విప్పుతూ ఉంటుంది. ఏడాదిగా ఆవిడకి రోజులు, మనుషులు కలగాపులగం అవుతున్నారు. ఆ ఇంట్లో దాన్ని అలసట అంటారు. “అమ్మకి ఇవాళ అలసటగా ఉంది” అంటే ఎదుటివాళ్ళు ఇంకేమీ అడగకూడదు. ఆవిడ చిన్నకూతురు క్లారా పెళ్ళి కుదిరాక జ్వరంతో పోయింది. ఆ పిల్లది ఎర్రజుట్టు. ఫీబీది కూడా ఎర్రజుట్టే. సాయంత్రం పాలు తీసుకెళ్ళినప్పుడు “క్లారా, తల దువ్వుకోలేదేమే?” అంటే, “ఇప్పుడే దువ్వుకుంటానమ్మా” అనేది ఫీబీ. కాదని ఆవిడని ఏడిపించడం దానికి చేతకాలేదు. ఆ బ్రూచ్ మొదట చేయించింది క్లారా పెళ్ళికే.

“పెద్దమ్మగారూ, నిన్న పైకి వెళ్ళారా?” అని హెస్టర్ మెల్లగా అడిగింది.

“వెళ్ళనా మరి? క్లారాని అంత పైన పడుకోబెట్టారేమిటే? నిప్పు రాజెయ్యడానికి పొయ్యి కూడా లేదు. దాని పెట్టె చూశావా, అన్నీ కుట్లు పడ్డ మేజోళ్ళే. పెళ్ళికూతురి పెట్టె అలాగా ఉండేది?”

“మీరు అందులో ఏమైనా పెట్టారా అమ్మా?”

“అది నాకూ దానికీ మధ్య,” అని పెద్దమ్మగారు నవ్వి, దారం ఉండ ఒళ్ళో దాచుకుంది.

హెస్టర్ అరపూట సెలవు అడిగి, మిసెస్ టాడ్ గుడ్డలో చుట్టిచ్చిన మాంసం రొట్టె ముక్క పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. ఫీబీని ఊచల ఇవతల నుంచే చూడనిచ్చారు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

“హెస్టరక్కా, నేను తియ్యలేదు.”

“తెలుసే. ఎవరు పెట్టారో కూడా తెలుసు.”

ఎవరో హెస్టర్ చెప్పాక ఫీబీ కళ్ళు తుడుచుకుంది. తర్వాత, “పాలు నువ్వే ఇస్తున్నావా? మీగడ తీసెయ్యాలి, ఆవిడకి పడదు,” అంది.

సార్జెంట్ మంచివాడే. ఆమె చెప్పింది మొదటినుంచి చివరిదాకా విన్నాడు.

“సున్నం అంటిన ఆ గౌను పట్టుకురా మరి.”

“దులిపేశానండీ.”

“దులిపేశావా?”

“చల్లారిన టీ నీళ్ళతో తుడిచాను కూడా. అది నా పనండీ.”

అతను నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది హెస్టర్‌కి.

“పోనీ ఆవిణ్ణే అడగండి, చెప్తారు.”

“చూడమ్మాయ్, ఆవిడకి మతి సరిగ్గా లేదంటే ఆవిడ మాట సాక్ష్యానికి పనికిరాదు. ఉందంటే, మతి ఉన్న పెద్దింటావిడ పనివాళ్ళ పెట్టెలు ఎందుకు వెతుకుతుందని అడుగుతారు. ఎటు నుంచి పోయినా గోడే. మీ అమ్మగారు వచ్చి ఒక్క మాట చెప్పనీ. పొరపాటైందని అంటే చాలు, నేనే దాన్ని ఇంటి దగ్గర దింపుతాను.”

కాబట్టి ఆ ఒక్క మాట కోసం హెస్టర్ మిసెస్ ఫెన్విక్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పెళ్ళి విందుకి ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని చీటీలు పేర్చుకుంటోంది. హెస్టర్ మెట్లూ, సున్నమూ, మేజోళ్ళూ అన్నీ చెప్పింది. ఆవిడ చీటీలు పేర్చడం ఆపలేదు.

“తలుపు వెయ్యి,” అంది చివరికి. తలుపు వేశాక, “ఇది నాకు వేసవి నుంచీ తెలుసు. ఆ పిల్ల పెట్టెలోంచి నా చేతితొడుగులు, అమ్మ విసనకర్ర, చివరికి వెన్న కత్తి కూడా, మీరంతా కింద భోజనాల్లో ఉన్నప్పుడు నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని. బ్రూచ్ కూడా అలాగే తెచ్చేదాన్ని. ఈలోపల అగస్టా పోలీసుల్ని పిలిచేసింది.”

హెస్టర్ తలుపు గడియ పట్టుకునే నిలబడింది.

“అగస్టాని చేసుకునే థోరల్డ్‌ల చెవిన పిచ్చి అన్న మాట పడితే ఈ పెళ్ళి అవదు. రక్తంలో ఉందంటారు. అమ్మని పిచ్చాసుపత్రికి తీసుకుపోతారు. నేను ఒకసారి లోపలికి వెళ్ళి చూశాను హెస్టర్. కుక్కని కూడా అక్కడ వదలను.” ఆవిడ ఇంకో చీటీ తీసింది. “ఫీబీ చిన్నది. రెండు మూడు నెలల్లో బయటికొచ్చేస్తుంది.”

“వచ్చి ఎక్కడికి వెళ్తుందమ్మగారూ?”

ఆవిడ చేతిలోని చీటీ ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టింది. “నువ్వు నా దగ్గర చాలా ఏళ్ళుగా ఉన్నావు. నీ గురించి నేనెప్పుడూ మంచిగానే రాసిస్తాను,” అంది. బెదిరింపులా అనలేదు, బతిమాలుతున్నట్టే అంది. కానీ ఆవిడ రాసివ్వకపోతే హెస్టర్‌ని ఇంకెవరూ పనిలో పెట్టుకోరని ఇద్దరికీ తెలుసు.

శనివారం మిసెస్ థోరల్డ్, అంటే అగస్టాకి కాబోయే అత్తగారు, టీకి వచ్చింది. ఆ మధ్యాహ్నం పెద్దమ్మగారు క్లారాని వెతుక్కుంటూ మళ్ళీ పైకెక్కింది. ఈసారి రెండు మోచేతులకీ సున్నమే. హెస్టర్ గౌను మార్చలేదు, బ్రష్ ముట్టుకోలేదు. అలాగే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దీపం పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మగారు చెప్పరు. సార్జెంట్‌కి చూపించడానికి ఏమీ లేదు. అడగడానికి అధికారం ఉన్న మనిషెవరైనా “ఇదెక్కడ అంటిందండీ?” అని ఒక్కసారి అడిగితే చాలుననుకుంది.

మిసెస్ థోరల్డ్ కళ్ళు ఆ మోచేతి మీద పడ్డాయి.

“ఈ రోజుల్లో పనివాళ్ళకి బ్రష్ పట్టుకోవడం కూడా రావట్లేదు మిసెస్ ఫెన్విక్,” అని, ఆవిడ తన లేసు రుమాలు తీసి ముసలావిడ మోచేతుల్ని తనే దులిపేసింది. ఎంతో ఆప్యాయంగా దులిపింది. టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ హెస్టర్ ఆ తెల్లపొడి తివాసీ మీద రాలడం చూసింది.

“వెనకమెట్ల దగ్గర గోడమ్మా అది,” అంది పెద్దమ్మగారు ఉత్సాహంగా. “బ్రూచ్ క్లారా పెట్టెలో పెట్టొచ్చాను. నచ్చిందో లేదో, ఇంతవరకూ కిందికే రాలేదు మా పిల్ల.”

అగస్టా మొహం పాలిపోయింది. ఆమెకి అప్పుడే అర్థమైనట్టుంది. మిసెస్ ఫెన్విక్ చేతిలో టీ వంచే పాత్ర గాల్లోనే ఉండిపోయింది. హెస్టర్ టీ పళ్ళెం గట్టిగా పట్టుకుంది. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు? ఇక అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు.

మిసెస్ థోరల్డ్ తన కప్పులోకి చూసింది. “ఈ ఏడు ఊజ్ నది బాగా పొంగుతుందంటున్నారు. మీ కిందగదుల్లోకి నీళ్ళొస్తాయా?” అంది.

“కిందటిసారి మొదటిమెట్టు దాకా వచ్చాయి,” అంది మిసెస్ ఫెన్విక్, టీ వంచుతూ.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, హెస్టర్ పైకోటు తొడిగాక, మిసెస్ థోరల్డ్ అమ్మగారి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. “మా అమ్మకి కూడా చివర్లో ఇలాగే అలసటగా ఉండేది,” అంది. ఆ ఊపులోనే, “అన్నట్టు, మా ఇంట్లో పనివాళ్ళ పెట్టెలకి తాళాలుండవు. మీరూ తీయించెయ్యండి, ఈ దొంగతనాల గొడవుండదు,” అని బండెక్కింది.

తలుపు మూయగానే హెస్టర్ ఉండబట్టలేకపోయింది. “అమ్మగారూ, ఆవిడకి తెలిసిపోయింది. తెలిసీ ఏమీ అనలేదు. పెళ్ళి ఆగదు. ఇంక సార్జెంట్‌కి చెప్పొచ్చు కదండీ?”

మిసెస్ ఫెన్విక్ ఆమె వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూసింది.

“ఆవిడ అంత పెద్దమనసుతో విననట్టు ఊరుకుంటే, నేను వెళ్ళి కోర్టులో నలుగురి ముందూ అరవనా హెస్టర్? ఆవిడ మొహం ఎలా చూడను?”

సోమవారం బట్టలుతికే రోజు. ఫీబీ లేదు కాబట్టి ఇద్దరి పనీ హెస్టర్ మీదే పడింది. కోర్టుకి వెళ్తానని అడిగితే, “దుప్పట్లు ఎవరు పిండుతారు?” అన్నారు. మోచేతుల దాకా సబ్బునీళ్ళలో ఉండగా వెనక గుమ్మంలోకి రొట్టెలవాడు వచ్చాడు.

“మూడు నెలలు. కఠిన శిక్ష,” అన్నాడు. “అరనిమిషం పట్టలేదు. దాని తర్వాత గుర్రాన్ని కొట్టినవాడి కేసుకే ఎక్కువసేపు పట్టింది.”

“రొట్టెలక్కడ పెట్టి నోరు మూసుకుని పో,” అంది మిసెస్ టాడ్. వాడు వెళ్ళాక ముక్కు చీదుకుని, “ఏమే, నీ పోలీసుతనం...” అని మొదలుపెట్టి, హెస్టర్ మొహం చూసి ఆపేసింది. వచ్చి దుప్పటికి రెండోకొస పట్టుకుంది. ఆవిడ బట్టల దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఇద్దరూ చెరోవైపూ మెలిపెట్టి పిండారు.

ఆ వారంలోనే రంగులు వేసేవాళ్ళు వచ్చారు. వెనకమెట్ల పక్క గోడకి, మనిషి భుజం ఎత్తుదాకా, ముదురు గోధుమరంగు నూనెరంగు వేసిపోయారు. మురికి కనబడదనీ, కడగడం తేలికనీ అమ్మగారు చెప్పారు. పెట్టెలకి తాళాలు కూడా తీయించేశారు.

రంగు ఆరిన మర్నాడు హెస్టర్ చేతిరుమాలు కోసం తన పెట్టె మూత ఎత్తింది. లోదుస్తుల మీద ఒక వెండి అంగుస్తానా ఉంది, కుట్టుపనికి వేలికి తొడుక్కునేది. దాన్ని పెద్దమ్మగారి కుట్టుబుట్టలో ఎన్నోసార్లు చూసింది.

హెస్టర్ దాన్ని తీసుకుని మంచం మీద కూర్చుంది. కిందికి తీసుకెళ్ళి అమ్మగారికి ఇద్దామా? ఈ వెండి ఎక్కడ దొరికిందని అడిగితే, నా పెట్టెలో అని చెప్పాలి. ఎవరు పెట్టారంటే? ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ వినరు. అంగుస్తానాని పిడికిట్లో పెట్టుకుని, ఏప్రన్ కింద చెయ్యి దాచుకుని, మెట్లు దిగింది. గోడ నున్నగా, చల్లగా మోచేతికి తగిలింది. ఏమీ అంటలేదు.

పెద్దమ్మగారి గదిలో ఆవిడ తప్ప ఎవరూ లేరు. హెస్టర్ అంగుస్తానాని బుట్టలో పడేస్తుంటే ఆవిడ చూడనే చూసింది.

“నచ్చలేదా క్లారా?”

“నచ్చిందమ్మా. మీ దగ్గరే ఉండనీండి.”

“జుట్టు అప్పుడే నెరిసిందేమే నీకు?”

హెస్టర్ సాయంత్రమైంది కాబట్టి బ్రష్ తీసుకుని ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నల్లగుడ్డ మీద, వెలుతురుకి ఎటు తిప్పి చూసినా, చార లేదు, మరక లేదు.

“పైన చలిగా ఉంటోందా?” అని పెద్దమ్మగారు ఆమె తల నిమిరింది. “రేపు ఇంకోటి తెచ్చిపెడతాను.”

“చలిగా లేదమ్మా. రావద్దు,” అంది హెస్టర్, ఏమీ లేని మోచేతిని దులుపుతూ.