బల్ల మీద చెప్పిన మాట

కూర్మనాథం తన తువ్వాలు లోకనాథం నడుముకు బిగించి కట్టి, రెండో కొస గుప్పిట్లో చుట్టుకున్నాడు. బర్మాలోని సేక్కాన్ రేవులో బియ్యం పడవకీ గట్టుకీ మధ్య వేసిన బల్ల జానెడున్నర వెడల్పు. వీపున బస్తా ఉంటే అదీ జానెడే అనిపిస్తుంది.

లోకనాథానికి నలభై దాటాయి. లమ్మడా పేటలో అతని బట్టల కొట్టును సైనిక ప్రభుత్వం తీసేసుకుని మూడు నెలలైంది. పాపం, గజం బద్ద తప్ప బరువెరగని చేతులు. మూడు రోజులు వట్టి చేతులతో నడిచి, ఇవాళే మొదటి బస్తా ఎత్తాడు. సరిగ్గా బల్ల నడిమధ్యకొచ్చి ఆగిపోయాడు. మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఇంకొకరయితే వెనకనుంచి బూతులు లంకించుకునేవారు. కూర్మనాథం ముప్పై ఏళ్ళుగా కొత్తవాళ్ళకి నడక నేర్పుతున్నాడు, ఒక్కణ్ణీ తిట్టలేదు.

"సావుకారూ, నీళ్లకేసి సూడకండి. నా కాళ్లూ వణుకుతాయి. ఇన్నేళ్లయినా పొద్దున్న మొదటి బస్తాకి వణుకుతాయి. ఏటవుద్ది? వణుక్కుంటూనే నడుస్తాను."

"నిజంగానా?"

"మీ తోడు."

పదేళ్ళ కిందట లింగరాజుకీ ఇదే మాట చెప్పాడు. ఆ రోజు లింగరాజు ఇదే బల్ల మీద భయంతో పంచె తడుపుకున్నాడు. కూర్మనాథం బకెట్టెడు నది నీళ్ళు ఇద్దరి మీదా గుమ్మరించి, కాలు జారి ఒలకబోసుకున్నామని అందరికీ చెప్పాడు. బల్ల మీద చూసిందీ విన్నదీ గట్టు మీద చెప్పకూడదు. ఆ రేవు కూలీలకు అది ఒట్టుతో సమానం.

ఇప్పుడు లింగరాజు ముఠా మేస్త్రీ. గట్టు మీద బర్మా అధికారి పక్కన నిలబడి ఉన్నాడు. పనికిరాని ముసలివాణ్ణి ఒకణ్ణి తీసెయ్యాలట. ఆ ఖాళీ కోసం లింగరాజు బావమరిది నది అవతల తన్లిన్ ఊళ్ళో పనిలేక కూర్చున్నాడు.

"ఈయన కాళ్ళు వణుకుతాయి. ఈయనే నాతో చెప్పాడు" అన్నాడు లింగరాజు కూర్మనాథాన్ని చూపిస్తూ, బర్మా భాషలో.

కూర్మనాథానికి బర్మా భాష బాగానే వచ్చు. రాకపోతే బాగుండేదనిపించింది. మొన్న పండక్కి తన ఇంట పులిహోర తిన్న నోరే అది.

"ఊ కూర్మా, నిజమేనా?" అధికారి, పెద్దవాళ్ళ పేరు ముందు పెట్టే 'ఊ' చేర్చి, మర్యాదగానే అడిగాడు.

లేదంటే తన పని పోకుండా నిలిచేది. కానీ లోకనాథం మెడ తిప్పి తనకేసే చూస్తున్నాడు. అతనికీ బర్మా భాష వచ్చు. ఆ మనిషి ఆ ఒక్క మాట పట్టుకునే నిలబడ్డాడు. అదిప్పుడు అబద్ధమైతే, బస్తాతో సహా నీళ్ళలోకే.

లింగరాజు పంచె సంగతి కూర్మనాథం నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"నిజమే" అన్నాడు. తర్వాత తెలుగులో, "నడండి సావుకారూ. నానున్నాను."

లోకనాథం వణుక్కుంటూనే గట్టు దాకా నడిచి బస్తా దించాడు. అప్పటికే అధికారి కాగితంలో కూర్మనాథం పేరు కొట్టేశాడు.

"మావా, నన్నేటనకు. పైనించి ఉత్తర్వొచ్చింది" అన్నాడు లింగరాజు.

"ఆ మాట నీకు బల్ల మీద సెప్పేన్రా" అన్నాడు కూర్మనాథం. లింగరాజు మొహం చూడలేదు. కొత్తవాడి నడుము నుంచి ఏడో రోజున తువ్వాలు విప్పి తీసుకోవడం తన అలవాటు. ఇవాళ నాలుగో రోజే. ఉత్త భుజాలతో రేవు దాటి వెళ్ళిపోయాడు.

లోకనాథం పడవలోకి వెళ్ళి రెండో బస్తా ఎత్తుకుని మళ్ళీ బల్లెక్కాడు. నడుముకున్న తువ్వాలు కొస, పట్టుకునేవాళ్ళు లేక, అతని వెనకే బల్ల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.