చెంచాముక్కు నీడ

నెలకోసారి, రెండో ఆదివారం పొద్దున, సముద్రం వెనక్కి తగ్గే వేళకి జపాన్ తీరాన కురెగాట గట్టు మీదికి పదిహేను ఇరవై మంది చేరేవాళ్ళు. మెడల్లో బైనాక్యులర్లు, భుజాన మడత స్టూళ్ళు, సంచుల్లో టీ ఫ్లాస్కులు, నాచురేకులో చుట్టిన అన్నం ముద్దలు. గట్టు అవతల కనుచూపు మేర బురద, బురద నిండా పిట్టలు. వచ్చినవాళ్ళు ముందు ఒకరి కాళ్ళవైపు ఒకరు చూసుకుని, ఆ తర్వాత తలలు వంచి పలకరించుకునేవాళ్ళు. టోపీలూ మఫ్లర్లూ ముఖాల్ని సగం మింగేసినా నీడను బట్టి ఎవరెవరో తెలిసిపోయేది. ఏళ్ళ తరబడి అక్కడికి వచ్చే మనిషికి ఎప్పుడో ఒకప్పుడు మనిషి నీడ పోయి పిట్ట నీడ పడడం మామూలే.

పిట్టల్ని చూసే ఆ సంఘానికి పెద్ద ఫుమి గారిది నారాయణ పక్షి నీడ. బళ్ళో సంగీతం చెప్పి రిటైరయిన ఆవిడ సన్నగా, పొడుగ్గా, ఎంతసేపైనా కదలకుండా నిలబడగలదు కాబట్టి అది ఎవరికీ వింతనిపించలేదు. ఇంటి కప్పుల పెంకులమ్మే దోబాషి గారి సంగతి వేరు. ఆయన ఎనిమిదేళ్ళు గద్ద నీడ కోసం ఎదురుచూశాడు. ఛాతీ విరుచుకుని, చేతులు బార్లా చాపి నడవడం కూడా అలవాటు చేసుకున్నాడు. చివరికి పిచ్చుక పడింది. అంత లావు మనిషి కాళ్ళ దగ్గర ఆ గుప్పెడు నీడ గెంతుతుంటే అందరూ పొట్టలు పట్టుకున్నారు.

"పెంకుల సందుల్లో కాపరముండేది అవేగా. ఇంటివాణ్ణి గుర్తుపట్టి వచ్చింది" అంది ఫుమి గారు, నవ్వకుండా.

వలస పిట్టల నీడలు వసంతం రాగానే ఉత్తరానికి ఎగిరిపోయేవి. చలి మొదలయ్యేసరికి తిరిగొచ్చి ఎవరి కాళ్ళ దగ్గర అవి వాలేవి. మధ్యలో ఆ మనుషులు నీడ లేకుండానే తిరిగేవాళ్ళు. ఎండాకాలం కాస్త ఉక్కగా ఉంటుందని తప్ప ఇంకేమీ అనేవాళ్ళు కాదు.

నత్సుహోకి ఇంకా మనిషి నీడే. ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. ఊరి గ్రంథాలయంలో పని. చదవని పుస్తకం లేదు, కోపం రాని రోజు లేదు. కాలేజీ రోజుల్లో ఏ ఊరేగింపు జరిగినా ముందు వరసలో నడిచింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఒంటరిగానే వచ్చింది.

రెండేళ్ళ కిందట మొదటిసారి గట్టెక్కిన రోజున, ముళ్ళకంపకి చిక్కుకున్న తెల్ల ప్లాస్టిక్ సంచిని చూసి కొంగ కొంగ అని అరిచింది. బైనాక్యులర్లన్నీ అటు తిరిగాయి. భూమి చీలితే బావుణ్ణనుకుంది. ఎవరూ వెక్కిరించలేదు. ఒక్కొక్కరూ తమ కథ ఎత్తుకున్నారు. దోబాషి గారు కంచె గుంజని డేగ అని నమ్మించి అందర్నీ అన్నాల వేళ దాకా నిలబెట్టాడట. అంతటి చెవి గల ఫుమి గారు, పక్కింటి గేటు కిర్రుమంటే కొత్త పిట్ట దిగిందని నెలంతా గోడెక్కి వెతికిందట. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాక గానీ నత్సుహోకి తెలియలేదు, తనకి స్నేహితులు దొరికారని. అప్పట్నించి ఒక్క ఆదివారం మానలేదు.

అన్నిటికన్నా ఆమెకి ఇష్టమైంది చివర్లో జరిగే పిట్టల హాజరు. నడక అయ్యాక అందరూ బురద అంచున గుండ్రంగా నిలబడేవాళ్ళు. ఫుమి గారు కళ్ళు మూసుకుని ఒక్కో పిట్ట పేరూ పిలిచేది. ఆ రోజు దాన్ని చూసినవాళ్ళు "చూశాను" అనాలి. ఎక్కడని అడిగితే చెప్పాలి. ఎవరూ చూడకపోతే ఆ పేరు వెనకాల కాసేపు నిశ్శబ్దం, ఆపైన ఇంకో పేరు. ఆ సంఘం పుట్టిన దగ్గర్నుంచీ ఆ వలయంలో ఎవరూ అబద్ధమాడలేదు. కోతలరాయుడు దోబాషి గారు కూడా అక్కడ నోరు అదుపులో పెట్టుకునేవాడు.

ఒక సెప్టెంబరులో పిడుగు పడింది. కురెగాట బురదనంతా పూడ్చి ఓడల సరుకు దించే మైదానం కడతామని పురపాలక సంఘం ప్రకటించింది. గ్రంథాలయంలో పత్రికలు సర్దుతుంటే నత్సుహో కంటపడింది ఆ వార్త. పక్కనే పటం వేశారు. బురదమేట ఉండాల్సిన చోట తెల్లగా, ఖాళీగా ఉంది. వేలమైళ్ళు ఎగిరొచ్చే రెక్కలూ, ఆ బురదలో ఊపిరి పీల్చే కోటానుకోట్ల పీతలూ నత్తలూ, వాటిని చూడ్డానికి తెల్లారగట్ల లేచి వచ్చే మనుషులూ, ఏదీ లేదక్కడ. ఆమె చేతుల్లో పత్రికల కట్ట జారి కిందపడింది. "ఏమీ లేనిదాన్ని పూడ్చడానికి మీకంత మట్టి ఎందుకు?" అని ఆ పటాన్నే అడిగింది.

ఒక్క దారి మిగిలింది. చెంచాముక్కు ఉల్లంకి అని పిచ్చుకంత పిట్ట, ముక్కు చివర చెంచాలా వెడల్పయి ఉంటుంది. లోకం మొత్తమ్మీద కొన్ని వందలే మిగిలాయి. అది దిగే నేలని తవ్వకూడదు, పూడ్చకూడదు అని పురపాలక సంఘమే పూర్వం నియమం పెట్టుకుంది. కొన్నేళ్ళుగా అది కురెగాటలో కనబడలేదు. అక్టోబరు హాజరులో ఎవరైనా దాన్ని చూశానంటే పని ఆపుతామని అధికారులు ఒప్పుకున్నారు. ఆ వలయంలో పలికిన మాటకి ఊళ్ళో అంత విలువ. సాక్షిగా నెగిషి అనే కుర్ర గుమాస్తాని పంపుతామన్నారు.

నత్సుహో ఫుమి గారింటికి వెళ్ళి కూర్చుంది. పిట్ట కనబడకపోతే కనబడిందనే చెబుదామంది. వాళ్ళ అబద్ధానికి ప్రభుత్వ ముద్ర ఉందని, మన నిజానికి ఏ ముద్రా లేదని, రాజీ అంటే ఓటమికి పెట్టుకున్న మర్యాద పేరని గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఫుమి గారు కమలాపండు వొలుస్తూ విన్నది.

"మెల్లగా అను, నీ నినాదాలకి పెరట్లో పిట్టలు లేచిపోతున్నాయి" అంది. తర్వాత అంది: "చూడనిదాన్ని చూశామంటే, రేపు చూసినదాన్ని ఎవరు నమ్ముతారు నత్సుహో? మనకున్నది ఆ ఒక్క మాటే."

"బురద పోయాక ఆ మాట ఎక్కడ నిలబడి చెబుతారండీ?"

ఫుమి గారు రెండు తొనలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

అక్టోబరు ఆదివారం నాడు నెగిషి కొత్త రబ్బరు బూట్లేసుకుని వచ్చాడు. కాళ్ళకి పెద్దవయ్యాయేమో, బురదలో అడుగుకోసారి బూటు అక్కడే ఉండిపోయి కాలొక్కటే పైకొస్తోంది. దోబాషి గారు జబ్బ పట్టుకుని నడిపించాడు. బైనాక్యులర్ ఇస్తే తిరగేసి పట్టుకున్నాడు. అందరూ నవ్వారు, అన్నం ముద్ద పెట్టారు, టీ పోశారు. శత్రువుకి పళ్ళెం పెట్టి వడ్డిస్తున్నారని నత్సుహోకి ఒళ్ళు మండింది. కాసేపటికి ఓ లకుముకి పిట్ట నీలంగా మెరుస్తూ పోయింది. జన్మలో మొదటిసారి చూశాడో ఏమో, నెగిషి తెరిచిన నోరు మూయడం మర్చిపోయాడు.

చెంచాముక్కు మాత్రం రాలేదు. ఉల్లంకుల గుంపుల్ని ఒక్కో పిట్టా వడపోసినట్టు వెతికారు. పోటు మళ్ళీ మొదలైంది. వలయం కట్టారు. నడిచినవాళ్ళందరూ నిలబడాలన్నది పద్ధతి కాబట్టి నెగిషిని కూడా వలయంలోకి లాగారు. ఫుమి గారు కళ్ళు మూసుకుంది. నీటికాకి, చూశాను. నారాయణ పక్షి, చూశాను. లకుముకి పిట్ట అనగానే దోబాషి గారు మోచేత్తో పొడిచాడు. చూశాను అన్నాడు నెగిషి, చెవులు ఎర్రబడుతుంటే.

"చెంచాముక్కు ఉల్లంకి."

ఎవరూ పలకలేదు. నత్సుహో దోబాషి గారివైపు చూసింది. ఆయన తన బూట్లు చూసుకుంటున్నాడు.

"చూశాను."

ఆ గొంతు తనదేనని నత్సుహోకి మాట బయటికొచ్చాక తెలిసింది. ఫుమి గారు కళ్ళు తెరిచింది. హాజరు మధ్యలో ఆవిడ కళ్ళు తెరవడం ఎవరూ ఎరగరు.

"ఎక్కడ?"

నత్సుహోకి రాత్రంతా వల్లెవేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ గుర్తురాలేదు. తనతో కలిసి దవడలు నొప్పెట్టేలా నవ్విన ముఖాలన్నీ ఇప్పుడు తెల్లబోయి తననే చూస్తున్నాయి. వాళ్ళని చూడలేక తల దించుకుంది.

ఆమె కాళ్ళ దగ్గర మనిషి నీడ లేదు. గుప్పిట్లో పట్టేంత నీడ ఒకటి ఉంది. ఆమె కొయ్యలా నిలబడి ఉంటే ఆ నీడ తలొంచి, చివర చెంచాలా ఉన్న ముక్కుతో బురదని అటూ ఇటూ తోడుతోంది. రెండడుగులు పరిగెత్తి ఆగుతోంది, మళ్ళీ తోడుతోంది.

"ఇక్కడ" అంది నత్సుహో.

ఫుమి గారు వంగి చాలాసేపు చూసింది. "చూశాను" అంది. దోబాషి గారు ముక్కు తుడుచుకుని చూశానన్నాడు. ఆ మాట ఒక్కో నోటా వలయమంతా తిరిగి నెగిషి దగ్గర ఆగింది. అతన్ని పంపినవాళ్ళకి ఏం కావాలో అతనికి తెలుసు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. "చూశాను" అన్నాడు. ఇంకాసేపు చూడొచ్చా అని అడిగాడు.

పని ఆగింది. రద్దు కాలేదు, ఆ పిట్ట ఏటా వస్తున్నంతవరకే ఆగుతుందని రాసిచ్చారు. చెంచాముక్కు చలికాలమంతా ఉండే పిట్ట కాదు, దారిలో ఆగేది; నత్సుహో నీడ కొన్నాళ్ళు మేసి, దక్షిణానికి ఎగిరిపోయింది. ఆ రోజు చేసింది తప్పో ఒప్పో ఫుమి గారు ఎన్నడూ తీర్పు చెప్పలేదు. ఒక్కసారి మాత్రం టీ పోస్తూ అంది: "నువ్వన్నప్పుడు అది అబద్ధమే. నేనన్నప్పుడు కాదు. ఆ తేడా నీ దగ్గరే ఉంచుకో."

మరుసటేడు చలిగాలి మొదలైంది. వెళ్ళిన నీడలన్నీ వచ్చి వాలాయి. నత్సుహో కాళ్ళ దగ్గర మాత్రం ఎండ బోసిగా పడింది. సెప్టెంబరు పోయింది, అక్టోబరు ఆదివారం కూడా పోయింది. అంతవరకూ కురెగాటలో తిరిగి రాని నీడంటూ లేదు. నెగిషి ఇప్పుడు ఎవరూ పంపకపోయినా ప్రతి నెలా వస్తున్నాడు. పిట్ట వచ్చిందా అని ఆఫీసులో అడుగుతున్నారని నేల చూపులు చూస్తూ చెప్పాడు.

ఫుమి గారు సముద్రం అవతలికి చెయ్యి చూపించింది. చెంచాముక్కు ఉత్తరాన్నుంచి వస్తూ అటువైపు కొరియా బురదల్లో దిగుతుందని, అక్కడ మేసి కొవ్వు పట్టాకే నీళ్ళు దాటగలదని చెప్పింది. నత్సుహో నివ్వెరపోయింది. ఇంతకాలం మన బురద, మన బురద అని గొంతు చించుకుంది. తన నీడ పేరు కూడా తెలియని నేల మీద వాలుతుందని, అక్కడ దానికి మేత ఉందో లేదో చూసే దిక్కెవరని ఒక్కసారీ తట్టలేదు.

నీడని వెతకడానికి బయల్దేరిన నత్సుహోని దోబాషి గారు పెంకుల లారీలో రేవుదాకా దింపాడు. ఎడారికి పోతున్నట్టు అందరూ తిండి మూటలు కట్టిచ్చారు.

ఓడ దిగి, బస్సులు మారి, ఆ తీరం చేరేసరికి మధ్యాహ్నమైంది. ముందు గోడ కనబడింది. సముద్రంలోకి తిన్నగా పోయి ఎక్కడ ఆగిందో తెలియని రాతి గోడ. దానికి ఇవతల ఒకప్పటి బురదంతా ఎండి, గడ్డి మొలిచి, అంచులు విరిగిన ఆల్చిప్పలతో తెల్లగా ఉంది. ఇలాంటి గోడల గురించి ఆమె చదివింది, వాటి మీద పద్యాలంత పొడుగు నినాదాలు రాసింది. ఇప్పుడు ఆ చిప్పల మీద నడిచి గోడ దగ్గరికి వెళ్ళింది.

గోడ మొదలయ్యే చోట, అవతలి పక్కన సన్నటి బురదపట్టీ మిగిలుంది. అక్కడ ఓ ఇరవై మంది గుమిగూడి ఉన్నారు. మెడల్లో బైనాక్యులర్లు, చేతుల్లో ఫ్లాస్కు మూతలు. బక్కపల్చటాయన ఒకడు చేతులు తిప్పుతూ ఏవో కోతలు కోస్తున్నాడు, మిగతావాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. మాటలు అర్థం కాకపోయినా నత్సుహోకి ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా వాళ్ళ కాళ్ళవైపు చూసింది.

ఒక్కరికీ నీడ లేదు.

మళ్ళీ చూసింది. ఎండ కాస్తోంది. స్టూళ్ళకి నీడలున్నాయి, ఫ్లాస్కులకున్నాయి. మనుషుల కాళ్ళ దగ్గర మాత్రం తుడిచిపెట్టినట్టు ఉత్త బురద.

ఒక ముసలావిడ దగ్గరికొచ్చింది. కొడుకు దగ్గర ఒసాకాలో కొన్నేళ్ళుందట, జపాన్ మాట కాస్త వచ్చు. నత్సుహో చూపు ఎటుందో గ్రహించి, మామూలుగానే చెప్పింది. గోడ కట్టిన ఏడాది వెళ్ళిన నీడలు తిరిగి రాలేదట. దిగడానికి నేల లేక ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదట.

"మరి ఇంకా ఎందుకొస్తున్నారు?"

"ఇంట్లో కూర్చుంటే వీడి కోతలు ఎవరు వింటారమ్మా?" అని ముసలావిడ బక్కాయన్ని చూపించింది.

నీళ్ళ అంచున ఏదో కదిలింది. పైన పిట్ట లేదు. కింద నీడ ఒక్కటే, కడిగిన సిరాలా వెలిసిపోయి, బురదని తోడుతూ, ఆగుతూ, మళ్ళీ తోడుతోంది. ఆ పట్టీలో దానికి చాలినంత మేత లేదు. నత్సుహో బూట్లు విప్పి బురదలోకి దిగింది. అది తలెత్తి, నెమ్మదిగా నడిచొచ్చి ఆమె పాదాలకి ఆనుకుంది. పాదాలు చల్లబడ్డాయి. తనంతట తాను సముద్రం దాటే సత్తువ దీనికి లేదు. తనే మోసుకుపోవాలి, వచ్చే హాజరు ఆదివారానికి కురెగాటలో నిలబెట్టాలి. పై ఏడూ రావాలి, ఆ పై ఏడూ. ఇక తన శరత్కాలాలన్నీ ఈ దారినే పోతాయని ఆమెకి అర్థమైంది.

రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. రోజుకి అదే చివరిదని దిగేటప్పుడే చెప్పారు. నత్సుహో గబుక్కున వెనక్కి తిరిగింది.

వాళ్ళందరూ వచ్చి చుట్టూ నిలబడి ఉన్నారు. తలలన్నీ కిందికి వంగి ఉన్నాయి. బక్కాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ముసలావిడ ఆమె చొక్కా చెయ్యి పట్టుకుంది. "కాసేపు నిలబడమ్మా. చూస్తాం."

బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, కాస్త ఆగి, వెళ్ళిపోయింది. నత్సుహో ఎండకి వీపు తిప్పి, నీడ వాళ్ళందరి మధ్యలో పడేలా నిలబడింది.